లాప్‌టాప్ మూసినా నడిచే పత్రిక కావాలి



ఈ వరుస వ్యాసాల్లో ఇప్పటిదాకా మన పత్రికల గురించి, కరపత్రాల గురించి మాట్లాడుకున్నాం. ఈసారి సర్వర్ గురించి. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి సర్వర్‌తో ఏం పని అనుకునేవాళ్లు చివరిదాకా చదవండి. మధ్యలో సిస్టమ్‌డీ అనే మాట వస్తుంది. భయపడకండి, ఛందస్సు కన్నా కష్టమేం కాదు.

ముందు సూటిగా ఒక మాట. మన రాతలు మన నేల మీద లేవు.

2016 జనవరి 17న రోహిత్ వేముల మనల్ని వదిలిపోయాక తెలుగులో ఎన్ని కవితలు, ఎన్ని వ్యాసాలు, ఎన్ని వాదాలు వచ్చాయి! అచ్చయి పుస్తకమైనవి కొన్నే. మిగతావన్నీ ఫేస్‌బుక్ గోడల మీదే. 1995 నాటి 'చిక్కనవుతున్న పాట' సంకలనాన్ని లైబ్రరీలో వెతికి విద్యార్థి చేతిలో పెట్టొచ్చు. 2016 నాటి పోస్టును చూపించాలంటే మాత్రం ఆ ఖాతా ఉందా, పేరు మార్చుకున్నారా, నలుగురు కలిసి రిపోర్టు కొట్టి లేపేశారా అని తేల్చుకోవాలి. ఇరవై ఏళ్ల తర్వాత మన మీద పీహెచ్‌డీ చేసే పిల్లకు మనం ఏం మిగుల్చుతున్నాం? పనిచేయని లింకులు.

మన ఇబ్రహీంపట్నం దిక్కు వాళ్లకు అసైన్డ్ పట్టా అంటే తెలుసు. దున్నుకోవచ్చు, తినొచ్చు. 1977 చట్టం ప్రకారం అమ్ముకోరాదు. అవసరం పడితే సర్కారు వెనక్కి తీసుకుంటది. ఫార్మాసిటీ పేరు మీద భూములు పోయిన యాచారం, కందుకూరు మండలాల కుటుంబాలకు ఇది ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. ఫేస్‌బుక్ ఖాతా ఆ పట్టా కన్నా అధ్వానం. అసైన్డ్ భూమి పోతే కలెక్టరాఫీసు ముందు కూర్చోవచ్చు, కోర్టుకు పోవచ్చు, కనీసం పరిహారం అడగొచ్చు. ఖాతా పోతే ఎవరి గేటు ముందు కూర్చుంటాం?

ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో పోయింది. మన దేశపు ట్విట్టర్ అని ఊదరగొట్టిన కూ 2024 జూలైలో దుకాణం కట్టేసింది. ఫేస్‌బుక్ పోదని ఎవరు రాసిచ్చారు?

2019 నవంబరు గుర్తుందా? సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ నిలిపేసింది. ఆ రోజుల్లోనే జర్నలిస్టు దిలీప్ మండల్ ఖాతాను కట్టడి చేసింది. ఆయన తర్వాత పట్టిన దారి వేరే చర్చ. అప్పుడు మాత్రం ఇది కులవివక్షేనని దళిత బహుజనులు పెద్ద ఎత్తున నిలదీశారు. అదే ఊపులో చాలామంది మాస్టోడాన్‌కు కదిలారు. మాస్టోడాన్ ఎవరైనా తమ సర్వర్‌లో పెట్టుకుని నడుపుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. దాని బలమే అది. పోయినవాళ్లలో ఎక్కువమంది ఏం చేశారు? ఇంకెవరో నడిపే సర్వర్‌లో ఖాతా తెరిచారు. కొన్నాళ్లకు మళ్లీ ట్విట్టర్‌కే వచ్చారు. దొర మారిండు, గడి ముందు నిలబడుడు మారలే.

బాబాసాహెబ్‌కు ఈ సంగతి వందేళ్ల కిందే తెలుసు. 1920 జనవరి 31న 'మూక్‌నాయక్' మొదలైనప్పుడు, డబ్బిస్తామన్నా తిలక్ 'కేసరి' దాని ప్రకటన వేయలేదు. సాహూ మహారాజ్ ఇచ్చిన 2,500 రూపాయలతో పత్రిక బయటికొచ్చింది. అదే ఏడాది అంబేద్కర్ చదువు కోసం లండన్ వెళ్లారు. 1923 నాటికి పత్రిక ఆగిపోయింది. తర్వాతి కాలంలో ఆయన భారత్ భూషణ్ పేరుతో సొంత ప్రెస్సే పెట్టారు. యంత్రం మనదై ఉండాలని ఈ చరిత్ర చెప్తుంది, మనం జయంతికీ వర్ధంతికీ అది తలుచుకుంటాం. స్థాపించిన మనిషి దూరం పోయినా పత్రిక నడిచే ఏర్పాటు ఉండాలని కూడా అదే చరిత్ర చెప్తుంది. అది మాత్రం ఎవరూ తలుచుకోరు.

ఆ ఏర్పాటుకు సర్వర్ మీద ఉన్న పేరే బ్యాక్‌గ్రౌండ్ సర్వీస్.

రైట్‌ఫ్రీలీ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉంది. వ్యాసాలు, కవితలు పెట్టుకోవడానికి పనికొస్తుంది, చిన్న సర్వర్ చాలు. మన పిల్లవాడొకడు ఉత్సాహంగా లాప్‌టాప్ నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయి, కమాండ్ కొడతాడు. సైటు లేస్తుంది. వాట్సాప్ గ్రూపులో చప్పట్లు. రాత్రి లాప్‌టాప్ మూస్తాడు. కనెక్షన్ తెగిందన్న సంకేతం పోతుంది, దాంతో ప్రోగ్రాం కూడా చచ్చిపోతుంది. తెల్లారి సైటు లేదు. ఇంకొంచెం తెలిసినవాడు నోహప్ అనో టీమక్స్ అనో వాడతాడు. అప్పుడు లాప్‌టాప్ మూసినా నడుస్తుంది. కానీ సర్వర్ ఒక్కసారి రీబూట్ అయితే మళ్లీ అతనే వచ్చి కమాండ్ కొట్టాలి. అతనికి బెంగళూరులో ఉద్యోగం వచ్చినా, అలిగినా, ఇంకో సంఘంలోకి పోయినా అంతే సంగతులు.

మన సంఘాలు కూడా ఇట్లనే నడుస్తున్నాయి మిత్రులారా, ఎవరో ఒక అన్న లాప్‌టాప్ మీద. అన్న ఉంటే సభ, లేకుంటే తాళం. అన్న పోతే బ్యానర్ రెండు ముక్కలు. కోపం తెచ్చుకోకండి, మీ మండలంలో లెక్కపెట్టి చెప్పండి.

దీనికి మందు పది పదిహేను వరుసల ఫైలు. ఉబుంటు, డెబియన్ లాంటి లినక్స్ సర్వర్లలో ప్రోగ్రాములను లేపి, కనిపెట్టుకుని ఉండే వ్యవస్థ సిస్టమ్‌డీ. దానికి మనం రాసిచ్చే కాగితం యూనిట్ ఫైలు. అందులో మూడు భాగాలు. మొదటిది యూనిట్: ఇది ఏ పని, ఏది లేచాక ఇది లేవాలి, అంటే నెట్‌వర్క్ వచ్చాకే మొదలుపెట్టు అని. రెండోది సర్వీస్: ఏ కమాండ్ నడపాలి, ఏ ఫోల్డర్‌లో నిలబడి నడపాలి, ఏ యూజర్ పేరుతో నడపాలి, పడిపోతే ఏం చేయాలి. మూడోది ఇన్‌స్టాల్: సర్వర్ లేచినప్పుడల్లా దీన్నీ లేపాలంటే ఏ జాబితాలో చేర్చాలి. మాస్టోడాన్ వాళ్లయితే ఇలాంటి ఫైళ్లు రాసే ఇస్తారు: వెబ్‌కు, సైడ్‌కిక్‌కు, స్ట్రీమింగ్‌కు.

ఫైలు రాశాక డెమన్ రీలోడ్ చేస్తే సిస్టమ్‌డీ దాన్ని చదువుతుంది. ఆ తర్వాత స్టార్ట్ వేరు, ఎనేబుల్ వేరు. స్టార్ట్ అంటే ఇప్పుడు నడువు. ఎనేబుల్ అంటే రీబూట్ అయిన ప్రతిసారీ నీ అంతట నువ్వే లే. స్టార్ట్ ఒక్కటే కొట్టి పని అయిపోయిందనుకునేవాళ్లు ఎక్కువ. ఏప్రిల్ 14న దండేసి, 15న మరిచిపోయే పద్ధతి అది.

పడిపోతే మళ్లీ లేపమని రీస్టార్ట్ వరుసలో రాస్తాం. అయితే ఒక చిక్కుంది. మామూలు లెక్క ప్రకారం పది సెకన్లలో ఐదుసార్లు లేచి పడితే సిస్టమ్‌డీ ఇక లేపడం మానేస్తుంది. అందుకే మధ్యలో ఐదో పదో సెకన్లు ఆగమని రీస్టార్ట్‌సెక్ వరుస రాయాలి. అప్పటికీ పడుతుంటే కారణం జర్నల్‌లో ఉంటుంది, జర్నల్‌సీటీఎల్ అని అడిగితే చూపిస్తుంది. చదవండి. చదవకుండా ఊరికే లేపుతూ పోతే అది మళ్లీ మళ్లీ పడుతూనే ఉంటుంది.

ఇక రూట్ సంగతి. రూట్ అంటే సర్వర్ మీద సర్వాధికారి. పత్రికను రూట్ పేరుతో నడపొద్దు. దానికంటూ వేరే యూజర్‌ను సృష్టించి, తన ఫోల్డర్ మీద తప్ప ఇంకే అధికారమూ ఇవ్వకుండా నడపాలి. అప్పుడు పత్రికలోకి దొంగ దూరినా ఇల్లంతా దోచుకోవడం అంత తేలిక కాదు. అసలు రూట్ తాళం ఎవరి దగ్గర ఉందన్నది ఇంకా పెద్ద ప్రశ్న. ముంబై దాదర్‌లో అంబేద్కర్ భవన్, అందులో బుద్ధభూషణ్ ప్రెస్ ఉండేవి. 2016 జూన్ 25న రాత్రికి రాత్రి వాటిని కూల్చారు. కూల్పించింది పరాయివాళ్లు కాదు, ఆ ఆస్తిని చూసుకోవాల్సిన ట్రస్టు నిర్వాహకులే. భవనం శిథిలమైందని వాళ్ల వాదన. వాదన ఏదైనా తాళం కొద్దిమంది చేతిలో ఉంది, మిగతా సమాజం తెల్లారాక చూసి ఏడ్చింది. కాబట్టి తాళం కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి, ఆ ఇద్దరిలో ఒకరు మహిళ కావాలి. డేటా నకలు ఇంకోచోట ఉండాలి.

"అన్నా, సర్వర్ కూడా అద్దెదే కదా?" అంటారు. అద్దెదే. అమెజాన్ వాళ్లు 2022 నవంబరులో హైదరాబాద్ రీజియన్ తెరిచారు. వాళ్ల డేటా సెంటర్ల కోసం ఎంచుకున్న చోట్లలో మన కందుకూరు మండలం మీర్‌ఖాన్‌పేట ఒకటి. క్లౌడ్ అంటే మేఘం కాదు, రంగారెడ్డి జిల్లా మట్టే. ఇంట్లో పాత కంప్యూటర్ పెడదామంటే కరెంటు పోతుంది, చాలా ఇంటర్నెట్ కనెక్షన్లకు సొంత పబ్లిక్ ఐపీ అడ్రస్ కూడా ఉండదు. కాబట్టి అద్దె తప్పదు. కానీ కౌలుకూ వెట్టికీ తేడా లేదా? కౌలుదారు పంట కోసుకుని ఇంకో చెలక చూసుకుంటాడు. యూనిట్ ఫైలు, డేటా నకలు, డొమైన్ పేరు మన చేతిలో ఉంటే ఈ కంపెనీ కాకుంటే ఇంకో కంపెనీ. ఆ పేరు తెలిసిన పాఠకుడు మన వెంటే వస్తాడు. ఫేస్‌బుక్ గోడను అట్లా మోసుకుపోలేం.

"తిండి, భూమి, ఉద్యోగం ఉండగా ఈ గోల ఏంది?" అనేవాళ్లకు ఒక్క మాట. కుతుబ్‌షాహీల కాలం నాటి మన పెద్దచెరువు చూడండి. తెలంగాణలో ఇలాంటి చెరువుల కింద తూము తెరిచి, నీళ్లు పారించి, కట్టకు కాపలా కాసింది నీరడి. ఎక్కువ ఊళ్లలో అతను మనవాడే. ఎవరి కంటా పడకుండా, ఆగకుండా చేసిన పని అది. ఆ పని తెలిసిన చేతికి దక్కిన మాగాణి ఎంత? ఈరోజు ఆదిభట్లలో, మాదాపూర్‌లో మన పిల్లలు రాత్రి డ్యూటీలు చేసి ఎవరెవరి సర్వీసులో పడిపోకుండా కాపాడుతున్నారు. జీతం వస్తుంది, సంతోషం. ఆ చేత్తోనే ఆదివారం రెండు గంటలు మన పత్రిక కోసం పనిచేస్తే తప్పేముంది? ఇబ్రహీంపట్నం చుట్టూ ఇన్ని ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి, ప్రతిదాంట్లో మన పిల్లలున్నారు. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ సెమిస్టర్ ప్రాజెక్టుగా దీన్నే ఎందుకు చేయరు?

పూర్తయిందని ఎప్పుడు ఒప్పుకుంటానో కూడా చెప్తా. సైటు లేచిందని స్క్రీన్‌షాట్ పంపితే కాదు. సర్వర్‌ను కావాలనే రీబూట్ చేయండి. ఎవరూ లాగిన్ కావొద్దు, ఎవరూ వేలు పెట్టొద్దు. ఐదు నిమిషాల తర్వాత యాచారం నుంచి ఒక అమ్మాయి తన ఫోన్‌లో తెరిస్తే మన పత్రిక కనపడాలి. ఆ రోజు చప్పట్లు కొడదాం.

వచ్చే భాగంలో బ్యాకప్ గురించి.

జై భీమ్!