మెత్తని పనికి జీతమెంత?

పోయిన సంక్రాంతికి మా అక్క కూతురు మా ఇంటికొచ్చినప్పుడు తన అప్రైజల్ కాగితం చూపించింది. తను హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆరేళ్ళుగా ప్రాడక్ట్ మేనేజర్‌గా పనిచేస్తోంది. ఆ కాగితంలో రెండు వాక్యాల కింద పెన్సిల్‌తో గీతలు గీసి ఉన్నాయి. మొదటిది: “అందరితో బాగా కలిసిపోతుంది, టీమ్‌ని కుటుంబంలా చూసుకుంటుంది.” రెండోది: “వ్యూహాత్మక దృష్టి ఇంకా పెంచుకోవాలి.” ఆ ఏడు తనకి ప్రమోషన్ రాలేదు.

“మొదటిది మెచ్చుకోలే కదే, బాధెందుకు?” అన్నాను.

“అదే పిన్నీ నా బాధ. నేను చేసిన పనంతా ఆ మెచ్చుకోలులో కొట్టుకుపోయింది” అంది.

శ్రమ గురించీ, స్త్రీల గురించీ ఇన్నేళ్ళుగా చదువుతూ రాస్తూ ఉన్న నాకు ఆ మాట వెంటనే అర్థం కాలేదు. తను చేసిన పనేమిటో అడిగి, విని, తెలుసుకున్నాకే అర్థమైంది.

ప్రాడక్ట్ మేనేజర్ స్వయంగా కోడ్ రాయదు, బొమ్మలు గియ్యదు, సరుకు అమ్మదు. కంపెనీ తయారుచేసే వస్తువు ఎవరి కోసం, అందులో ముందు ఏది ఉండాలి, ఏది ఉండకూడదు అనేది తేల్చటం ఆమె పని. ఇంజినీర్లు, డిజైనర్లు, అమ్మకాలవాళ్ళు, న్యాయ సలహాదారులు, అందరి చేతా ఆ పని చేయించాలి. కానీ వాళ్ళలో చాలామంది ఆమె కింద పనిచేసేవాళ్ళు కారు. ఎవరికీ ఉత్తర్వు ఇవ్వలేదు. వస్తువు దెబ్బతింటే మాత్రం మొదట అడిగేది ఆమెనే. బాధ్యత నిండా ఉండి అధికారం లేని ఈ స్థితి గురించి వింటుంటే మనలో చాలామందికి ఇంటి కోడలు గుర్తొస్తుంది.

అయితే ఈ ఉద్యోగం పుట్టింది ఆడవాళ్ళ కోసం కాదు. 1931లో అమెరికాలో ప్రాక్టర్ అండ్ గాంబుల్ అనే సబ్బుల కంపెనీలో నీల్ మెకెల్‌రాయ్ అనే ఉద్యోగి పైవాళ్ళకి ఒక మెమో రాశాడు. ఒక్కో సబ్బు మంచిచెడ్డలకి ఒక్కో మనిషిని పూర్తి బాధ్యుణ్ణి చెయ్యాలన్నాడు. ఆ మనుషుల్ని ‘బ్రాండ్ మెన్’ అన్నాడు. తర్వాతి దశాబ్దాల్లో ఆ పద్ధతి కంప్యూటరు కంపెనీలకి పాకి ప్రాడక్ట్ మేనేజర్ అనే పేరు స్థిరపడింది.

మా అమ్మాయి కంపెనీ చిన్న వ్యాపారులు ఫోన్‌లో డబ్బు తీసుకునే యాప్ తయారుచేస్తుంది. కూరగాయలు అమ్మే ఆడవాళ్ళు చాలామంది ఆ యాప్‌లో చేరి, కొన్నాళ్ళకే మానేస్తున్నారు. ఆఫీసులో గ్రాఫులు గీశారు. వాడినవాళ్ళకి కాస్త డబ్బు తిరిగి ఇద్దామన్నారు. తను వెళ్ళి మూడు రోజులు పొద్దున్నే ఒక కూరగాయల మార్కెట్లో కూర్చుంది. మొదటి రోజు ఎవరినడిగినా “మంచిగనే ఉన్నదమ్మా” అన్నారు. మూడో రోజు ఒకామెతో కలిసి కొత్తిమీర కట్టలు కడుతుంటే అసలు సంగతి బయటికొచ్చింది. “పైసలు పడ్డయని మెసేజి మా ఆయన ఫోనుకు పోతది బిడ్డా. పొద్దుమీకేసరికి పైసలుండయి.”

ఆమె దగ్గర ఉన్న ఫోన్ పాతది. బ్యాంకు ఖాతాకి ఇచ్చిన నెంబరు భర్తది. చేతిలో పడే నోట్లయితే చీరకొంగున ముడేసుకోగలదు. ఎంత డబ్బు తిరిగి ఇస్తామన్నా ఆ ఇబ్బంది తీరదు. ఏ గ్రాఫులోనూ అది కనపడదు.

ఖాతా తెరిచేటప్పుడే డబ్బు ఎవరి పేరున పడాలి, కబురు ఏ నెంబరుకి వెళ్ళాలి అని విడివిడిగా అడగాలని తను ప్రతిపాదించింది. ఇంజినీర్లు కుదరదన్నారు. న్యాయ సలహాదారు భయపడ్డాడు. అమ్మకాలవాళ్ళు ఈ నెల లెక్క పోతుందన్నారు. తను ఒక్కొక్కరితో విడిగా కూర్చుని ఎవరి భయం ఏమిటో తెలుసుకుంది. ఇంజినీర్లకి పని ఇష్టం లేక కాదు, పరీక్షించుకునే వ్యవధి లేక. దానికోసం ఇంకో పనిని వెనక్కి నెట్టి, ఆ పని అడిగినవాళ్ళ దగ్గరికి తనే వెళ్ళి ఎందుకు కాదంటోందో చెప్పింది. ఏం నిర్ణయించారో ఒక పేజీలో రాసి అందరికీ పంపింది. మొదటిసారి విడుదల చేసినప్పుడు కబురు రెండు నెంబర్లకీ వెళ్ళింది. అంటే ఏ ఆడవాళ్ళ కోసం చేశారో వాళ్ళ గుట్టే బయటపడింది. మీటింగులో “ఆ తప్పు నాది, నేను స్పష్టంగా రాయలేదు” అని తనే ఒప్పుకుంది. ఆ తర్వాత ఇంజినీర్లు తమ తప్పులు దాచుకోవటం మానేశారట. ఆడవాళ్ళు యాప్ వాడటం నిలిచింది. దాన్ని పెద్దవాళ్ళ ముందు గ్రాఫులతో వివరించింది ఒక మగ సహోద్యోగి. అతని కాగితంలో ‘వ్యూహాత్మక దృష్టి’ చేరింది.

ఇక్కడ తను చేసిన పనుల్ని పేర్లు పెట్టి చెప్పుకుందాం. ఎదుటివాళ్ళు చెప్పనిదాన్ని వినటం. అధికారం లేకుండా ఒప్పించటం. సంబంధం తెగకుండా ‘కాదు’ అనటం. ఒకరి భాషని ఇంకొకరికి అర్థమయ్యేట్టు చెప్పటం. తప్పు ఒప్పుకోవటం. నిర్ణయాన్ని రాసిపెట్టటం. ప్రాడక్ట్ మేనేజర్ నెగ్గటం, నెగ్గకపోవటం చాలావరకు వీటి మీదే ఆధారపడుతుంది. గ్రాఫు గీసేవాళ్ళు ఇంకొకరు దొరుకుతారు. కొత్తిమీర కట్టలు కడుతూ మూడో రోజు దాకా ఓపిక పట్టేవాళ్ళు అంత తేలిగ్గా దొరకరు.

వీటిని ‘సాఫ్ట్ స్కిల్స్’ అంటారు. ఆ మాట అమెరికా సైన్యం శిక్షణా విభాగాల్లో వాడుకలోకి వచ్చింది. 1972లో ఈ విషయం మీద అక్కడ ఒక సదస్సు కూడా జరిగింది. యంత్రాలతో చేసే పనిని ఒకవైపు, మనుషులతోనూ కాగితాలతోనూ చేసే పనిని ఇంకోవైపు పెట్టి, రెండోదాన్ని మెత్తనిదన్నారు. కింది సిబ్బంది చేత పని చేయించటం కూడా ఆ మెత్తని వైపే ఉంది. అంటే ఆ మాట పుట్టినప్పుడు అది స్త్రీ స్వభావానికి పేరు కాదు, శిక్షణ ఇచ్చి నేర్పవలసిన పనికి పేరు. అదే పని మగవాడు చేస్తే నాయకత్వమనీ, ఆడది చేస్తే మంచితనమనీ అనటం తర్వాత జరిగింది. మంచితనానికి ఎవరూ జీతం ఇవ్వరు కదా.

సమాజశాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లోనే విమానాల్లో పనిచేసే ఆడవాళ్ళని చూసి, వాళ్ళు నవ్వటం కూడా శ్రమేనని రాసింది. 2017లో లిండా బాబ్‌కాక్, మరో ముగ్గురు పరిశోధకురాళ్ళు ఇంకో సంగతి తేల్చారు. ముగ్గురేసి మనుషుల్ని జట్లుగా చేశారు. ఎవరో ఒకరు ముందుకొచ్చి మీట నొక్కితే జట్టులో అందరికీ లాభం, కానీ నొక్కినవాళ్ళకి మిగతావాళ్ళకంటే తక్కువ. ఆడా మగా కలిసిన జట్లలో ఆడవాళ్ళు మగవాళ్ళకంటే దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువగా ముందుకొచ్చారు. అందరూ మగవాళ్ళే ఉన్న జట్లలో మాత్రం మగవాళ్ళు నిక్షేపంగా ఆ పని చేశారు! కాబట్టి ఇది పుట్టుకతో వచ్చిన గుణం కాదు. ఆడది పక్కనుంటే ఆమే చేస్తుందిలే అన్న నమ్మకం, చెయ్యకపోతే ఏమనుకుంటారో అన్న భయం.

ఆ నమ్మకం మొదలయ్యేది ఇంట్లోనే. మన దేశంలో 2024లో జరిగిన జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో స్త్రీలు దానికి రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతుంటే, మగవాళ్ళు పెట్టేది 88 నిమిషాలు. ఎవరి కోపాన్ని ఎప్పుడు తప్పించుకోవాలి, ఎవరికి ఏ మాట ఎలా చెప్పాలి అన్నది ఏళ్ళ తరబడి అక్కడే సాధన చేస్తాం. సాధన చేస్తే వచ్చేది నైపుణ్యం. ఆ బడికి పేరు లేదు కాబట్టి దాన్ని స్వభావం అనేస్తున్నారు.

‘మరింకేం, ఈ ఉద్యోగాలకి ఆడవాళ్ళే తగినవాళ్ళు కదా’ అని మంచి మనసుతో అనేవాళ్ళున్నారు. ఈ పొగడ్తతో జాగ్రత్తగా ఉండాలి. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చినప్పుడు ఊరివాళ్ళని ఒప్పించే పనికి ఆడవాళ్ళనే ఆశా కార్యకర్తలుగా తీసుకున్నారు. తీసుకుని వాళ్ళకి ‘స్వచ్ఛంద’ అనే మాట తగిలించారు. జీతం అనకుండా ప్రోత్సాహకం, పారితోషికం అన్నారు. స్వభావమని పొగిడిన పనికి కూలి తగ్గుతుందని ఇంతకంటే రుజువేం కావాలి?

లక్షల జీతం తీసుకునే అమ్మాయి ప్రమోషన్ గురించి ఈ పత్రికలో ఎందుకని మీరడగవచ్చు. నేనూ అనుకున్నాను. కానీ ఈ పనే విజయానికి కీలకమని శిక్షణా తరగతులు పెట్టి మరీ చెప్పే చోట కూడా దాన్ని లెక్కలోకి తీసుకోకపోతే, అంగన్‌వాడీలో ఎవరు తీసుకుంటారు? పైగా ఆ కంపెనీకి దారి చూపిన మాట కొత్తిమీర అమ్మే ఆమెది. ఆమెకి దక్కిందేమిటి?

నా సంగతీ చెప్పాలి. నేను పనిచేసిన చోట కమిటీల్లో ఏళ్ళ తరబడి మినిట్స్ నేనే రాశాను. ‘మీ అక్షరాలు బాగుంటాయి మేడమ్’ అనేవారు. అది తెలిసి కూడా ఒక సెమినార్‌కి వచ్చిన అతిథుల్ని చూసుకునే పని ఒక విద్యార్థినికి అప్పగించాను. పేపరు చదివే అవకాశం ఆమె తోటి కుర్రాడికి ఇచ్చాను. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. ఆమె అననిది నేను వినలేదు.

ఈ నైపుణ్యాల్ని కొలవలేమన్నది తరచూ వినిపించే జవాబు. ‘వ్యూహాత్మక దృష్టి’ని ఏ తక్కెడలో తూచారు? పనికి ఆనవాళ్ళుంటాయి. ఏం విన్నది, దానివల్ల ఏ నిర్ణయం మారింది, ఏ తగువు పని ఆపకుండా తీరింది, ఇవన్నీ రాయవచ్చు. ఉద్యోగ వివరాల్లోనూ అప్రైజల్‌లోనూ ఈ పనుల్ని పేరుపెట్టి చేర్చాలి. ‘కుటుంబంలా’, ‘సహజంగా’ లాంటి మాటలు కొట్టేసి, జరిగిన పని రాయమని అడగాలి. మినిట్స్ రాయటం, కొత్తవాళ్ళకి పని నేర్పటం వంతుల ప్రకారం జరగాలి. మగవాళ్ళూ నేర్చుకోవాలి. నేర్చుకోగలరని ఆ మీట ప్రయోగమే చెప్తోంది.

ఇది మర్యాద విషయం కాదు, హక్కు విషయం. సమాన విలువ గల పనికి సమాన వేతనం అన్న అంతర్జాతీయ కార్మిక సంస్థ 1951 నాటి ఒడంబడికని మన దేశం 1958లో ఆమోదించింది. ఒక పని ఇంకో పనితో సమానమా కాదా అని తేల్చటానికి 1976 సమాన వేతన చట్టం నైపుణ్యం, శ్రమ, బాధ్యత చూడమంది, దాని స్థానంలో తెచ్చిన 2019 వేతనాల కోడు వాటితోపాటు అనుభవం కూడా చూడమంటోంది. కాగితం మీద లేని నైపుణ్యాన్ని చట్టం ఎలా చూస్తుంది?

మా అమ్మాయి ఈసారి తన స్వీయ నివేదికలో కొత్త వాక్యం రాసింది: “మార్కెట్లో మూడు రోజులు విని, ఆడవాళ్ళు యాప్ ఎందుకు మానేస్తున్నారో కనుక్కున్నాను, నా కింద పనిచెయ్యని మూడు విభాగాల్ని ఒప్పించి దాన్ని మార్పించాను.” ఫలితం ఇంకా తెలియలేదు. మీ దగ్గరున్న కాగితాలు కూడా ఒకసారి తీసి చూడండి. మెచ్చుకోలు కింద ఏ పని పూడుకుపోయిందో రాసి పంపండి. అవన్నీ ఒకచోట చేరిస్తే మనకి కావలసిన లెక్క అక్కడినుంచే మొదలవుతుంది.