వినేవాళ్ల చేతులు ఖాళీగా ఉండవు

పోయిన నెల మా మేనకోడలు ఇంటికొచ్చి, కాఫీ చల్లారుతున్నా పట్టించుకోకుండా ఫోన్ తెచ్చి నా ముక్కు ముందు పెట్టింది. తెర మీద ఒక గీత. ఎడమ పక్కన గోడంత ఎత్తున మొదలై, రెండో నిమిషం దగ్గర చెరువుగట్టు జారినట్టు జారిపోయి, అక్కణ్ణుంచి నేలబారున సాగింది.

"వందమంది మొదలుపెడితే మూడో నిమిషానికి నలభైమంది కూడా ఉండట్లేదు మామయ్యా. ఇరవై రెండు ఎపిసోడ్లు చేశాను. ఇక ఆపేద్దామనుకుంటున్నా" అంది.

దాని పాడ్‌కాస్ట్ ఊళ్ల పేర్ల మీద. వారానికో ఊరు. ఆ పేరు ఎలా వచ్చింది, ఊళ్లోవాళ్లు చెప్పుకునే కథేమిటి, పాత కాగితాల్లో ఏం రాసి ఉంది. పాలెం, పూడి, పర్రు, గూడెం, పల్లి అంటూ తోకలున్న పేర్లకి మనకి కరువా? ఒక్కో పేరు పట్టుకుని లాగితే అరుగు మీద కూర్చున్న పెద్దాయన ఒకరు దానితోపాటు బయటికొస్తారు. విషయంలో లోపం లేదు. మరి జనం ఎందుకు లేచిపోతున్నారు?

ఆ రాత్రి వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఒక ఎపిసోడ్ పెట్టుకున్నాను. ముందు వీణా డ్రమ్ములూ కలిసిన సంగీతం అరనిమిషం. తర్వాత "హాయ్, హలో, నమస్తే, వెల్‌కమ్ బ్యాక్". తర్వాత తనెవరో, ఈ పని ఎందుకు మొదలుపెట్టిందో. లైక్, షేర్, సబ్‌స్క్రైబ్, ఆ గంట. పోయిన వారం కామెంట్ పెట్టినవాళ్లకి పేరుపేరునా థాంక్స్. "సో, ఈరోజు మనం ఏం మాట్లాడుకోబోతున్నామంటే..." ఊరి పేరు చెవిన పడేసరికి నిమిషం యాభై సెకన్లు. అప్పటికి నేను దోసెడు కాయలు ఒలిచేశాను.

పదకొండో నిమిషంలో మాత్రం నా చేయి ఆగిపోయింది. ఒక ముసలమ్మ గొంతు. వెనకాల ఎక్కడో గేదె అరుస్తోంది. "మా ఊరి పేరు ఆ కరణం తప్పు రాశాడమ్మా. అప్పట్నించీ మేం తప్పు పేరుతోనే బతికేస్తన్నాం" అని ఒకటే నవ్వు.

మర్నాడు ఫోన్ చేసి ఒక్కటే అడిగాను: ఆ ముసలమ్మని పదకొండో నిమిషం దాకా ఎందుకు నిలబెట్టావే?

పాడ్‌కాస్ట్ పెంచుకోవడం ఎలాగో చెప్పేవాళ్లకి ఇప్పుడు కొదవలేదు. థంబ్‌నెయిల్‌లో నోరు తెరిచిన మొహం ఉండాలట. రోజుకి మూడు రీల్స్ వదలాలట. పేరున్న గెస్టుని పట్టుకోవాలట. మా పిల్ల ఇవన్నీ చేసి చూసింది. వీటిలో ఏ సలహా కూడా వినేవాళ్లు ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారు అని అడగదు. చదవడానికి కళ్లు కావాలి, చూడటానికి కళ్లు కావాలి. చేతులూ కళ్లూ రెండూ పనిలో ఉన్నప్పుడు మిగిలేది చెవి ఒక్కటే. అంట్లు తోముతూ, ఔటర్ రింగ్ రోడ్డు మీద కారు నడుపుతూ, సాయంత్రం మోకాళ్ల కోసం నడుస్తూ వింటారు. పిండి చేతులతో ముందుకి జరపలేరు. ఒకసారి ఓర్చుకుంటారు, రెండోసారి మీ జోలికి రారు. ఆ గీత జారింది అందుకే.

ఈ సంగతి మన రేడియోవాళ్లకి ఎప్పుడో తెలుసు. విజయవాడ ఆకాశవాణిలో ఉషశ్రీ గారు రామాయణ భారతాలు చెప్పే రోజుల్లో, ఆదివారం మధ్యాహ్నం వీధి ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచినా ఒక్క వాక్యం కూడా పోయేది కాదని మా అమ్మ చెప్పేది. ప్రతి ఇంట్లోంచీ అదే గొంతు. ఆయన కంఠం గురించి అందరూ చెబుతారు. నాకు అంతకన్నా ముఖ్యమనిపించేది 'ధర్మసందేహాలు'. శ్రోతలు ఉత్తరాలు రాసేవారు, ఆయన జవాబు చెప్పేవారు. తన ఉత్తరం ఎప్పుడు చదువుతారా అని ఒక ఊరు, పక్క ఊరివాడు ఏం అడిగాడా అని ఇంకో ఊరు చెవి ఒగ్గేవి. లైకూ బెల్లూ లేని కాలంలో శ్రోతల్ని కట్టిపడేసింది పోస్టుకార్డు.

ఇప్పటివాళ్లలోనూ ఈ కిటుకు పట్టుకున్నవాళ్లు లేకపోలేదు. కిరణ్‌ప్రభ గారు అమెరికాలో కూర్చుని, గెస్టూ హంగామా లేకుండా ఒక్క గొంతుతో రచయితల జీవితాలూ సినిమావాళ్ల జీవితాలూ చెప్పుకుపోతారు. సోదాహరణంగా, తేదీలతో సహా, తొందర లేకుండా. 2020 లాక్‌డౌన్‌లో పూరి జగన్నాథ్ మొదలుపెట్టిన 'పూరి మ్యూజింగ్స్' దానికి పూర్తిగా వేరే దారి: ఒక్క విషయం, కొద్ది నిమిషాలు, అయిపోయింది. 'హర్షణీయం' కథల్నీ కథకుల్నీ పట్టుకుంది. ముగ్గురి పద్ధతీ ఒకటి కాదు, నిడివీ ఒకటి కాదు. ఎవరికోసం చెబుతున్నారో మాత్రం ముగ్గురికీ తెలుసు. ఎపిసోడ్ ఎంతసేపుండాలి అని అడిగేవాళ్లకి నేనిచ్చే జవాబు ఇదే: సరుకున్నంతసేపు.

కెమెరాలు వచ్చాక పరిస్థితి పాడైందని నా అభిప్రాయం, కాదనేవాళ్లు కాదనండి. రెండు సోఫాలు, ఒక నియాన్ బోర్డు, మధ్యన మొక్క, సినిమా విడుదలకి వారం ముందు హీరో. రెండున్నర గంటలు. అందులో గెస్టు నోరు జారిన నలభై సెకన్లు కోసి రీల్ చేస్తారు. ఆ రీల్ లక్షలమంది చూస్తారు, కానీ వాళ్లలో ఎంతమంది వెనక్కొచ్చి రెండున్నర గంటలూ వింటారు? వచ్చేది హీరో అభిమానులు, హీరోతోపాటే పోతారు. మా పిల్ల కూడా ఒక సీరియల్ నటుణ్ణి పిలిచి ఆయన సొంతూరి పేరు గురించి అడిగింది. ఆయన ఊరి సంగతి రెండు ముక్కల్లో తేల్చేసి మిగతా గంటంతా తన డైట్ గురించి చెప్పాడు.

అంకెల సంగతీ అంతే. డౌన్‌లోడ్ అంటే విన్నట్టు లెక్క కాదు. ప్రకటనల లోకం పాటించే ఐఏబీ నిబంధన ప్రకారం ఒక నిమిషం ఆడియో ఫోన్లోకి దిగితే డౌన్‌లోడ్ అయినట్టే. ఆ తర్వాత విన్నారా, ఫోన్ జేబులో పెట్టుకుని నిద్రపోయారా అన్నది దానికి పట్టదు. 2023లో ఐఓఎస్ 17 వచ్చినప్పుడు, ఎవరూ వినని ఎపిసోడ్లు వాటంతటవే దిగిపోవడాన్ని ఆపిల్ తగ్గించింది. ఎన్నో పెద్ద పాడ్‌కాస్టుల అంకెలు ఒక్కసారిగా పడిపోయాయి. శ్రోతలు ఎక్కడికీ పోలేదు, అసలు లేనివాళ్లు లెక్కలోంచి పోయారు. అందుకే మొత్తం అంకె వదిలేసి ఆ జారే గీతనే చూడమన్నాను. ఎక్కడ జారిందో అక్కడ నువ్వేం అన్నావో విను. వినబుద్ధి కాదు, తెలుసు. మన గొంతు మనకి నచ్చదు. అయినా విను.

ఇక శబ్దం. తను రికార్డు చేసేది కొత్త ఫ్లాట్ హాల్లో. నున్నటి టైల్స్, బోడి గోడలు, పెద్ద అద్దాల కిటికీ. మాట్లాడితే నూతిలోంచి వినిపించినట్టుంది. ఎనిమిదివేలు పోసి ఇంకో మైకు కొంటానంది. పడగ్గదిలో బీరువా తలుపులు తెరిచి, చీరల ముందు కూర్చోమన్నాను. పరుపూ దుప్పట్లూ చీరలూ ప్రతిధ్వనిని మింగేస్తాయి, పైసా ఖర్చు లేదు. ఫ్యాన్ ఆపాలి, చెమటలు పడితే పట్టాయి. మైకు నోటికి జానెడు దూరంలో, సూటిగా కాకుండా కాస్త పక్కకి. ఇంగ్లీషులో చెప్పేవాళ్లు 'పీ' అక్షరం దగ్గర జాగ్రత్త అంటారు. మనకి ఫ ఉంది, భ ఉంది, పైగా ఒత్తి పలకమని చిన్నప్పుడు బెత్తం పుచ్చుకుని మరీ నేర్పారు. "భీమవరం" అని శుద్ధంగా అంటే మైకులో టపాకాయ పేలుతుంది. మైకు పక్కకి జరిపితే ఆ గాలి దాని మీద పడదు, భీమవరం భీమవరంలానే ఉంటుంది. చివర్న గొంతులన్నీ ఒకే ఎత్తుకి తేవాలి. ఆపిల్ దీనికి మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ అని ఒక కొలత చెబుతుంది, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లో ఒక మీట నొక్కితే అయిపోతుంది. లేకపోతే ముసలమ్మ మాట కోసం సౌండ్ పెంచిన మనిషి, తర్వాత మన యాంకరమ్మ నవ్వుకి ఉలిక్కిపడతాడు.

పేర్ల మాట వచ్చింది కాబట్టి పాడ్‌కాస్ట్ అన్న పేరు గురించీ ఒకటి చెప్పాలి. 2004 ఫిబ్రవరిలో 'గార్డియన్' పత్రికలో బెన్ హామర్స్‌లీ ఈ కొత్త వస్తువుని ఏమనాలో తేల్చుకోలేక, మూడు పేర్లు రాసి మూడింటికీ ప్రశ్నార్థకం తగిలించాడు. ఐపాడ్‌కీ బ్రాడ్‌కాస్ట్‌కీ ముడేసిన మాట అందులో ఒకటి. అదే నిలిచింది. ఆ ఐపాడ్‌ని ఆపిల్ 2022లో ఆపేసింది. చెరువు పూడిపోయి ఊరి పేరులో చెరువు మిగిలినట్టు, పాడ్ పోయి పాడ్‌కాస్ట్ మిగిలింది. ఇది మా పిల్లకి చెబితే "ఇదీ ఒక ఎపిసోడే" అంది. అప్పటికి కాస్త తేరుకుందన్నమాట.

ఇరవై మూడో ఎపిసోడ్‌కి కొత్త ఊరు వెతకనివ్వలేదు. ఆ ముసలమ్మ ఊరే మళ్లీ చెయ్యమన్నాను. సంగీతం లేదు, హాయ్ హలో లేదు. ముందు గేదె అరుపు, వెంటనే "మా ఊరి పేరు ఆ కరణం తప్పు రాశాడమ్మా". తర్వాత మా పిల్ల "అసలు పేరేంటి మామ్మా?" అని అడుగుతుంది. అక్కణ్ణుంచి కథ. ముప్ఫై నాలుగు నిమిషాలది పంతొమ్మిదికి దిగింది. కత్తిరించేటప్పుడు పక్కనే కూర్చున్నాను. ప్రతి ముక్క దగ్గరా ప్రాణం పోతున్నట్టు చూసింది. "నేను చదివిన శాసనం సంగతి కూడా తీసేయాలా?" అంది. శాసనం ఉంచాం. అది చదవడానికి తను బస్సు మారి ఎండలో ఎంత దూరం నడిచిందో చెప్పే మూడు నిమిషాలు తీసేశాం.

రీల్ కూడా వద్దన్నాను. ప్రతి ఊరికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంటుంది. ఊళ్లో ఉన్నవాళ్లకన్నా ఊరు వదిలినవాళ్లే అందులో ఎక్కువ. కూకట్‌పల్లిలో ఒకరు, బెంగళూరులో ఒకరు, డాలస్‌లో ఒకరు. సొంతూరి పేరు వినిపిస్తే వాళ్లు బండి పక్కకి ఆపి మరీ వింటారు. ముసలమ్మ మనవడి ద్వారా మా పిల్ల ఆ గ్రూపులో లింకు పెట్టించింది. కింద ఒక్క వాక్యం: మీకు తెలిసిన కథ వేరే అయితే వాయిస్ నోట్ పంపండి.

మొదటి రోజు తొమ్మిది వచ్చాయి. ఒకాయన కరణానిది తప్పే కాదన్నాడు. ఒకావిడ కథ మానేసి ముసలమ్మ ఆరోగ్యం అడిగింది. మా పిల్ల గీత కూడా చూపించింది, ఇప్పటికీ జారుతోంది గానీ గట్టు తెగినట్టు లేదు, వాలుగా ఉంది. పదో వాయిస్ నోట్ మూడో రోజు రాత్రి వచ్చింది. డెబ్భై దాటిన గొంతు, కాస్త కోపంగా, గుక్క తిప్పుకుంటూ: "అమ్మాయ్, ఆ కరణం మా తాతగారు. ఆయన రాసింది తప్పు కాదు. రాయమన్నదెవరో ఆ ముసల్దాన్నే అడుగు."

రేపు శనివారం పొద్దున్నే మళ్లీ ఆ ఊరు వెళ్తోంది. ఫ్యాన్ శబ్దం రాకుండా ముసలమ్మని పెరట్లో కూర్చోబెట్టమన్నాను. గేదెని మాత్రం కదపొద్దన్నాను.