సంజీవని నీళ్ళు రోగి నోట్లో పోయవద్దు

సంతల్లో, గుళ్ళ దగ్గర ఎండి ముడుచుకుపోయిన ఒక మొక్కను “సంజీవని” అని అమ్ముతుంటారు. నీళ్ళలో వేస్తే కొన్ని గంటల్లో విచ్చుకొని పచ్చబడుతుంది. చూస్తే నాకూ ముచ్చటే.

కొన్నేళ్ళ క్రితం పక్షవాతంతో స్పృహలేని ఒక పెద్దాయనకు కూతురు ఆ నీళ్ళు చెంచాతో పోసింది. మింగే శక్తి లేని మనిషి. నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వచ్చింది. “సిస్టరమ్మా, మొక్కే లేచింది కదా, నాన్న లేవడా అనుకున్నాను” అని ఏడ్చింది. ఆయన బ్రతికారు గాని చాలా బాధపడ్డారు. ఆ అమ్మాయిని గట్టిగా కోప్పడ్డాను. నోటితో ఏమీ ఇవ్వవద్దని చెప్పామే గాని, ఎందుకో చెప్పలేదు. అది మా తప్పే.

ఆ మొక్క పేరు సెలాజినెల్లా బ్రయాప్టెరిస్. క్లబ్‌మాస్ మొక్కలకు దగ్గర చుట్టం. వీటికి పువ్వు, కాయ, విత్తనం ఉండవు. దుమ్ములాంటి సిద్ధబీజాలతో వ్యాపిస్తాయి. రాతి కొండల మీద ఎండకు ముడుచుకొని, వానకు విచ్చుకోవడం దాని స్వభావం. అది అసలు చావలేదు! రామాయణంలోని సంజీవని ఇదేనని పండితులు తేల్చలేదు. స్పృహ తప్పిన మనిషిని ఇది లేపుతుందనడానికి రుజువు లేదు.

“ఆకు మందేగా, హాని ఏముంది?” అంటారు. క్లబ్‌మాస్ పసుపుపచ్చ పొడిని పూర్వం యూరప్‌లో పసిపిల్లల చర్మం ఒరిసిన చోట చల్లేవారు. మాత్రలు అంటుకోకుండా పూసేవారు. సర్జన్ల గ్లౌజుల్లో కూడా వాడారు. ఆపరేషన్‌లో అది కడుపులో పడితే గడ్డలు కట్టి, పేగులు అతుక్కుంటున్నాయని తెలిశాక మానేశారు. తర్వాత వచ్చిన టాల్కం, మొక్కజొన్న పిండితోనూ అదే చిక్కు. 2017లో అమెరికా పౌడరు గ్లౌజులనే నిషేధించింది.

పెంచుకోవాలని ఉంటే నర్సరీలో దొరికే సెలాజినెల్లా రకాలు నీడలో, తేమ ఆరని కుండీలో కొమ్మ నాటితే బ్రతుకుతాయి. అసలు క్లబ్‌మాస్‌తో మాత్రం కష్టం. సిద్ధబీజం మొలిచాక మట్టిలో ఒక శిలీంధ్రం సాయంతో ఏళ్ళ తరబడి ఉండి గాని మొక్క పైకి రాదు. కొండల మీద పీకేసినవి మళ్ళీ ఎప్పటికి వస్తాయో!

మీవారి పెదవులు ఎండిపోతే డ్యూటీ సిస్టర్‌ను పిలవండి, తడి దూదితో తుడుస్తుంది. సంజీవని తెచ్చినా ఇప్పుడు కోప్పడను. గిన్నెలో వేసి కిటికీలో పెట్టండి, ఆయన కళ్ళు తెరిచాక చూపిద్దాం.