బ్యాకప్‌కు మొలక పరీక్ష ఏది?

ఢిల్లీలో కరోల్ బాగ్ అంటే తెలుగువాళ్లకు సివిల్స్ కోచింగులు, గఫార్ మార్కెట్ మొబైల్ దుకాణాలు గుర్తుకొస్తాయి. ఆ పేట నుంచి పూసా రోడ్డు మీదుగా కొద్ది కిలోమీటర్లు వెళితే దేశపు విత్తనాల ఖజానా వస్తుంది. జాతీయ వృక్ష జన్యు వనరుల సంస్థ అక్కడ నాలుగున్నర లక్షలకు పైగా విత్తన నమూనాలను భద్రపరిచింది. దీర్ఘకాలం దాచే విత్తనాలను తేమ తగ్గించి, గాలి చొరని సంచుల్లో మూసి, మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచుతారు.

అయితే జన్యు బ్యాంకు పని విత్తనాలను దాచడంతో ముగియదు. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రమాణాల ప్రకారం కొన్నేళ్లకోసారి గింజలు తీసి మొలకెత్తించి చూడాలి. మొలక శాతం మొదట్లో ఉన్నదానిలో 85 శాతానికి పడిపోతే ఆ విత్తనాన్ని పొలంలో వేసి, కొత్త గింజలు పండించి, మళ్లీ దాచాలి. సంచి చెక్కుచెదరలేదు, లేబుల్ సరిగ్గా ఉంది, లెక్కల పుస్తకంలో పేరుంది అంటే సరిపోదు. మొలిస్తేనే అది విత్తనం.

కంప్యూటర్ సర్వర్ల ప్రపంచంలో ఈ క్రమశిక్షణ ఇంకా రాలేదు. అక్కడ బ్యాకప్ అంటే చాలామందికి 'రాత్రి రెండింటికి జాబ్ నడిచింది, పొద్దున స్క్రీన్ మీద పచ్చ టిక్కు వచ్చింది' అన్నంత వరకే. ఆ టిక్కు చెప్పేది కాపీ చేసే పని ముగిసిందని. కాపీ నుంచి సర్వర్ తిరిగి లేస్తుందో లేదో దానికి తెలియదు.

2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ అనే సంస్థలో జరిగింది ఇందుకు మంచి ఉదాహరణ. ప్రపంచమంతా ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే చోటు అది. ఒక ఇంజినీరు రెండో డేటాబేస్ సర్వర్ అనుకుని అసలు సర్వర్ మీదే ఫోల్డర్ చెరిపేసే ఆదేశం ఇచ్చాడు. తేరుకుని ఆపేసరికి సుమారు 300 గిగాబైట్లలో మిగిలింది 4.5 గిగాబైట్లే. సరే, బ్యాకప్ ఉందిగా అని చూస్తే ఆ క్లౌడ్ నిల్వ ఖాళీగా ఉంది. కారణం విచిత్రం. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6కు మారింది. బ్యాకప్ తీసే పనిముట్టు మాత్రం 9.2 దగ్గరే ఉండిపోయింది. వెర్షన్ కుదరక అది రోజూ విఫలమవుతూనే ఉంది. ఆ సంగతి చెప్పాల్సిన ఈమెయిళ్లు కూడా వాటిని అందుకోవలసిన సర్వర్ దగ్గర తిరస్కరణకు గురయ్యాయి. చివరికి కాపాడింది ఆరు గంటల ముందు అదే ఇంజినీరు వేరే పని కోసం చేత్తో తీసుకున్న ఒక స్నాప్‌షాట్. ఆ ఆరు గంటల డేటా పోయింది. గిట్‌ల్యాబ్ ఈ కథనంతా దాచకుండా రాసి బయటపెట్టింది కాబట్టి మనకు తెలిసింది. ఆ నిజాయతీ ఈ రంగంలో అరుదు.

ఢిల్లీకి ఈ పాఠం ఇంకా దగ్గరగా వచ్చింది. 2022 నవంబరు 23న ఎయిమ్స్ సర్వర్ల మీద దాడి జరిగింది. అయిదు సర్వర్లలో సుమారు 1.3 టెరాబైట్ల డేటా తాళం పడిపోయిందని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. రోగుల నమోదు, అపాయింట్‌మెంట్లు, ల్యాబ్ రిపోర్టులు కాగితం మీదకు మారాయి. దాడి తగలని ఒక బ్యాకప్ సర్వర్ నుంచి ఈ-హాస్పిటల్ డేటా మొత్తం వెనక్కి వచ్చింది. నిజంగా సంతోషించాల్సిన విషయమే. కానీ ఆ సేవల్లో చాలా భాగం మళ్లీ నడవడానికి రెండు వారాలు పట్టింది. చర్చంతా దాడి ఎవరు చేశారు, ఎక్కడి నుంచి చేశారు అన్నదాని చుట్టూ తిరిగింది. సైన్సు పాఠకులు అడగాల్సిన ప్రశ్న మరొకటి. డేటా ఉండి కూడా రెండు వారాలు పడితే, తిరిగి నిలబెట్టడమనేది బ్యాకప్ తీయడం కంటే వేరే పని, బహుశా ఇంకా కష్టమైన పని కాదా?

2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలో ఇంతకంటే ఘోరం జరిగింది. డేజియాన్ నగరంలోని ప్రభుత్వ డేటా కేంద్రంలో లిథియం బ్యాటరీలు అంటుకున్నాయి. ప్రభుత్వ ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లో 858 టెరాబైట్లు బూడిదయ్యాయి. మరీ పెద్దది కాబట్టి దానికి బయట బ్యాకప్ పెట్టలేదట!

ఇంతవరకు చెప్పినవి కాపీ లేకపోవడం, కాపీ పాడవడం, కాపీని నిలబెట్టలేకపోవడం. వీటి గురించి ఐటీ వాళ్లు ఎంతోకొంత మాట్లాడుకుంటారు. తక్కువగా మాట్లాడుకునేది ఇంకోటి ఉంది. కాపీ భద్రంగా ఉంటుంది, ఒక్క బిట్ కూడా చెదరదు. అయినా చదవలేం.

తెలుగువాళ్లకు దీన్ని వివరించడం తేలిక, ఎందుకంటే మనం అనుభవించాం. 1990ల నుంచి చాలా ఏళ్లు తెలుగు డీటీపీ అంటే పేజ్‌మేకర్, అను ఫాంట్లు. ఆ ఫాంట్లలో ఒక్కో తెలుగు అక్షరం ముక్కకు ఇంగ్లీషు అక్షరాల సంకేతాల్లో ఒకదాన్ని కేటాయించుకున్నారు. ఏ సంకేతానికి ఏ ముక్క అన్నది ఆ ఫాంటుకే తెలిసిన పట్టిక. తెలుగుకు భారతీయ ప్రమాణం ఇస్కీ 1991లో వచ్చింది. అదే ఏడాది వచ్చిన యూనికోడ్ తొలి వెర్షన్‌లోనూ తెలుగు ఉంది. ప్రమాణాలు ఉన్నాయి, పని మాత్రం వాటి బయట సాగింది. ఫలితంగా ఎన్నో పుస్తకాలు, పత్రికల సంచికలు సీడీల్లో భద్రంగానే ఉన్నా, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే కనిపించేది ఇంగ్లీషు అక్షరాల గజిబిజి. మార్చిపెట్టే కన్వర్టర్లు తర్వాత వచ్చాయి గానీ, మార్చాక ఒత్తులూ గుణింతాలూ చేత్తో దిద్దుకోవాల్సిందే. పేజ్‌మేకర్‌కు 2001 నాటి 7.0 తర్వాత కొత్త వెర్షనే రాలేదు.

నాసాకూ ఇదే జరిగింది. 1976లో అంగారకుడి మీద దిగిన వైకింగ్ ల్యాండర్ల జీవ ప్రయోగాల డేటాను 1990ల చివర ఒక శాస్త్రవేత్త మళ్లీ విశ్లేషించాలని అడిగాడు. టేపులు దొరికాయి. ఆ ఫార్మాట్ తెలిసిన ప్రోగ్రామర్లు అప్పటికే లేరు. చివరికి పాత పరిశోధకుల దగ్గర మిగిలిన కాగితం ప్రింటవుట్ల మీద ఆధారపడాల్సి వచ్చింది. అంగారకుడి దాకా వెళ్లి తెచ్చిన సమాచారం, పాతికేళ్లు కూడా నిండకముందే.

బ్యాకప్ పనిముట్లను ఎంచుకునేటప్పుడు ఈ కోణం పట్టించుకునేవారు తక్కువ. వేగం ఎంత, ధర ఎంత, ఎంత చోటు ఆదా అవుతుంది అని అడుగుతారు. ఈ పనిముట్టు లేకుండా ఈ కాపీని చదవగలమా అని అడగరు. ఓపెన్ స్టాండర్డ్ అన్న మాటకు అసలు అర్థం ఇక్కడుంది. ఫార్మాట్ వివరణ అందరికీ దొరకాలి, ఎవరైనా దాన్ని చదివే ప్రోగ్రాము రాసుకోగలగాలి, అందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఉచిత సాఫ్ట్‌వేర్ వేరు, ఓపెన్ స్టాండర్డ్ వేరు. డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ కూడా ఓపెన్ ఫార్మాట్‌లో రాయొచ్చు.

'టార్' అనే ఫార్మాట్‌ను చూడండి. 1979లో యూనిక్స్ ఏడో ఎడిషన్‌తో వచ్చింది. పేరులోనే టేపు ఉంది. నేటికీ ప్రతి లైనక్స్ యంత్రమూ దాన్ని విప్పుతుంది. 2020లో గిట్‌హబ్ సంస్థ తన దగ్గరున్న బహిరంగ కోడ్ ప్రతిని వెయ్యేళ్లు నిలవాలని ఫిల్ము రీళ్ల మీద రాయించి స్వాల్‌బార్డ్ దీవుల గనిలో దాచినప్పుడు ఎంచుకున్నది కూడా టార్‌నే. మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో 1990ల తొలినాళ్లలో పుట్టిన అమాండా అనే బ్యాకప్ పనిముట్టులో ఇంకా ముచ్చటైన ఏర్పాటుంది. అది టేపు మీద ప్రతి కాపీకి ముందు ఒక చిన్న మామూలు అక్షరాల ముక్క రాస్తుంది. అమాండా లేకుండానే ఈ కాపీని విప్పడానికి ఏ ఆదేశం ఇవ్వాలో అందులో ఉంటుంది. విత్తనాల సంచి మీదే విత్తే పద్ధతి అచ్చేసినట్టు.

దీనికి ఎదురువాదన లేకపోలేదు, అది బలమైనదే. నేటి వాణిజ్య పనిముట్లు ఒకే డేటా ముక్క వంద చోట్ల ఉంటే ఒక్కసారే దాస్తాయి. దాంతో చోటూ సమయమూ బాగా ఆదా అవుతాయి. టార్‌కు ఆ తెలివి లేదు. పైగా అర్ధరాత్రి సర్వర్ పడిపోతే ఫోన్ ఎత్తే కంపెనీ మనిషి కావాలి. ఇద్దరు ముగ్గురు సిబ్బందితో నెట్టుకొచ్చే జిల్లా ఆసుపత్రికి ఆ భరోసా చిన్న విషయం కాదు. కానీ ముక్కలుగా నరికి ఒక్కసారే దాచే పద్ధతికి సూచికే ప్రాణం. అది పోయినా, దాన్ని చదివే ప్రోగ్రాము లైసెన్సు ముగిసినా మిగిలేది అర్థం లేని ముక్కల గుట్ట. చోటు ఆదా చేయడానికి ఫార్మాట్‌ను రహస్యంగా ఉంచాల్సిన అవసరమూ లేదు. రెస్టిక్ అనే ఓపెన్ సోర్సు పనిముట్టు కూడా నకళ్లను తొలగించే దాస్తుంది, ఎన్‌క్రిప్షన్‌తో సహా. దాని ఫార్మాట్ వివరణ మాత్రం ఎవరైనా చదువుకునేలా ప్రచురించి ఉంది.

కంపెనీలు నిన్న ఉన్నట్టు రేపు ఉండవు. బ్రాడ్‌కామ్ 2023 నవంబరులో వీఎంవేర్‌ను కొనుక్కుంది. మరుసటి నెలకే శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆగి, అంతా చందా పద్ధతికి మారింది. అది వ్యాపార నిర్ణయం, తప్పొప్పుల చర్చ ఇక్కడ అక్కర్లేదు. పదేళ్లు దాచాల్సిన రికార్డులున్న సంస్థ మాత్రం అలాంటి ప్రకటన ఏ ఉదయమైనా రావచ్చని లెక్కలో పెట్టుకోవాలి. యంత్రాలదీ అదే తీరు. టేపు ప్రమాణమైన ఎల్‌టీఓలో ఏడో తరం వరకు డ్రైవులు రెండు తరాల వెనకటి టేపులను చదివేవి. ఎనిమిదో తరం ఒక్క తరం వెనకటివే చదువుతుంది. ప్రమాణం ఉన్నచోట కూడా కాపీని కాలంతో పాటు కొత్త టేపు మీదకు మార్చుకుంటూ పోవాల్సిందే.

ఓపెన్ స్టాండర్డ్ పనిచేసే తీరు చూడాలంటే మళ్లీ పూసా వైపే వెళ్లాలి. విత్తనాల ఖజానా ఉన్న ప్రాంతంలోనే డాక్టర్ కె.ఎస్. కృష్ణన్ మార్గ్‌లో జాతీయ భౌతిక ప్రయోగశాల ఉంది. భారత ప్రామాణిక కాలాన్ని నిలబెట్టే పరమాణు గడియారాలు అక్కడే ఉన్నాయి. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ జారీ చేసిన ఆదేశాల ప్రకారం దేశంలోని సంస్థలు తమ కంప్యూటర్ల గడియారాలను ఈ ప్రయోగశాల సర్వర్లతో గానీ, ఎన్‌ఐసీ సర్వర్లతో గానీ, వాటికి అనుసంధానమైన వాటితో గానీ కలపాలి. ఆ సమయం ప్రయాణించేది ఎన్‌టీపీ అనే ఓపెన్ ప్రమాణం మీద. 1985లో బహిరంగంగా ప్రచురితమైంది. ఏ కంపెనీ సర్వర్ అయినా, ఎంత పాతదైనా ఆ భాష మాట్లాడుతుంది. సర్వర్‌లోని సమయం విషయంలో ప్రభుత్వం ఇంత స్పష్టంగా ఉంది. ఆ సర్వర్ కాపీ ఏ భాషలో ఉండాలన్న దగ్గర ఆ స్పష్టత కనిపించదు.

విధానం లేక కాదు. 2010 నవంబరులోనే కేంద్రం ఈ-గవర్నెన్స్‌కు ఓపెన్ స్టాండర్డ్స్ విధానం ప్రకటించింది. ఎంచుకునే ప్రమాణం మీద రాయల్టీ ఉండకూడదని, దాని వివరణ పత్రం అందుబాటులో ఉండాలని అందులో ఉంది. దాన్ని బ్యాకప్ టెండర్ల దాకా తీసుకెళ్లడమే మిగిలింది. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఐటీలో అందరికీ తెలుసు: మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే ఊళ్లో. దానికి ఒక్క షరతు చేరిస్తే చాలు. ఆ మూడింట్లో ఒకటి అమ్మిన కంపెనీ లేకుండానే తెరుచుకోవాలి. రోజూ తీసేది కంపెనీ పనిముట్టుతోనే తీసుకోండి. మూడు నెలలకోసారి మాత్రం డేటాబేస్‌ను మామూలు ఎస్‌క్యూఎల్ పాఠంగా, పత్రాలను పీడీఎఫ్-ఏ లేదా ఓడీఎఫ్‌లో, వాటన్నిటినీ టార్ మూటగా తీసి దాచండి. రోగుల వివరాలుంటే ఎన్‌క్రిప్ట్ చేయాలి. తాళం చెవి కాగితం మీద అచ్చేసి వేరే చోట లాకర్‌లో ఉండాలి. తాళం చెవి పోయిన ఓపెన్ ఫార్మాట్ కూడా రహస్య ఫార్మాట్ కిందే లెక్క.

ఇక మొలక పరీక్ష. కొనే సంస్థ ఎంచుకున్న రోజున, అమ్మినవాళ్లకు ముందుగా చెప్పకుండా, ఖాళీ యంత్రం మీద, కంపెనీ మనిషి కాని వ్యక్తి ఆ కాపీని విప్పాలి. ఎన్ని గంటలు పట్టిందో, ఎంత డేటా తిరిగి వచ్చిందో నమోదు చేయాలి. బిల్లులో ఒక భాగం ఆ పరీక్ష గట్టెక్కాకే చెల్లించాలి. సిరియా యుద్ధంలో అలెప్పో దగ్గరి ఇకార్డా జన్యు బ్యాంకు అందకుండా పోయినప్పుడు, 2015లో స్వాల్‌బార్డ్ నుంచి తన విత్తనాలను వెనక్కి తీసుకుని లెబనాన్, మొరాకోల్లో పండించింది. 2017లో కొత్త గింజలను తిరిగి అక్కడికే పంపింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ విత్తనాల నకళ్లూ ఆ ఖజానాలోనే ఉన్నాయి. పొలంలో వేసి పండించడానికి ఇకార్డాకు స్వాల్‌బార్డ్ వాళ్ల సాఫ్ట్‌వేర్ అవసరం కాలేదు.

పెద్ద సంస్థల సంగతి అలా ఉంచితే, కరోల్ బాగ్‌లో గానీ కోఠీలో గానీ చిన్న దుకాణం లెక్కలు ఉండేది ఒక అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌లో, దాని కాపీ బీరువాలోని హార్డ్ డిస్క్‌లో. కరోల్ బాగ్ బజారుకు వారపు సెలవు సోమవారం. ఆ రోజు ఆ డిస్క్‌ను ఆ సాఫ్ట్‌వేర్ లేని వేరే లాప్‌టాప్‌కు తగిలించి, పోయినేడాది బిల్లు ఒక్కటి తెరిచి చూడటానికి గంట చాలు. తెరుచుకోకపోతే మంగళవారం దుకాణం తెరవగానే లెక్కలన్నీ సీఎస్‌వీ ఫైళ్లుగా ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ ఇంకా నడుస్తున్నప్పుడే అది కుదిరే పని.