ఆఫీసు మెయిల్‌కు నకలు వెళ్తోందని ఉద్యోగికి చెప్పేదెవరు?

ఆఫీసు మెయిల్‌కు వచ్చే ఉత్తరాలన్నీ తన సొంత చిరునామాకు వాటంతటవే చేరేలా ఒక ఉద్యోగి ఏర్పాటు చేసుకున్నాడనుకోండి. మైక్రోసాఫ్ట్ 365 లాంటి వ్యవస్థల్లో ఆ ఫార్వర్డింగ్ రూలు పెట్టగానే నిర్వాహకులకు హెచ్చరిక పంపే సౌకర్యం ఉంది. ఇందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు. పాస్‌వర్డ్ కాజేసిన మోసగాళ్లు మొదట చేసే పనుల్లో ఇదొకటి: బిల్లులు, చెల్లింపుల ప్రస్తావన ఉన్న మెయిళ్లు తమకు చేరేలా గుట్టుగా ఒక రూలు పెట్టేస్తారు. తర్వాత పాస్‌వర్డ్ మార్చినా ఆ రూలు పనిచేస్తూనే ఉంటుంది.

మరి అదే ఉద్యోగి మెయిళ్ల నకలు పై అధికారికి చేరేలా నిర్వాహకుడే సర్వర్‌లో రూలు పెడితే? ఉద్యోగికి సాధారణంగా ఏమీ తెలియదు. తాను పెట్టుకున్న రూలు తన సెట్టింగుల్లో కనిపిస్తుంది, సర్వర్‌లో పెట్టినది కనిపించదు. కారణం మెయిల్ ప్రయాణించే తీరులోనే ఉంది. తెర మీద కనిపించే 'టు', 'సీసీ' వరుసలు కవరు లోపలి కాగితం మీది రాత లాంటివి. బట్వాడా మాత్రం కవరు మీది చిరునామాను బట్టి జరుగుతుంది. కవరు మీద ఇంకో పేరు చేర్చినా లోపలి కాగితం మారదు. బీసీసీ పనిచేసేదీ ఇలాగే.

చెప్పడం సాంకేతికంగా కష్టమంటే నమ్మలేం. జీమెయిల్‌లో ఫార్వర్డింగ్ మొదలైతే మొదటి వారం ఇన్‌బాక్స్ పైన ఆ సంగతి కనిపిస్తూ ఉంటుంది. ఆఫీసు మెయిల్ పైన అలాంటి ఒక్క వాక్యం ఉండకపోవడం కేవలం యాజమాన్యం ఇష్టం.

'కంప్యూటర్ మాది, మెయిల్ మాది, చూస్తే తప్పేంటి?' అన్నది మామూలుగా వినిపించే వాదన. రుమేనియాకు చెందిన బార్బులెస్కు కేసులో ఇది నిలవలేదు. ఆఫీసు యాహూ మెసెంజర్‌ను సొంత మాటలకు వాడినందుకు ఆయన 2007లో ఉద్యోగం కోల్పోయారు. సొంత వాడకం నిషేధమన్న సంగతి ఆయనకు తెలుసు. అయితే సందేశాలను సైతం చదువుతారని ముందే చెప్పారా లేదా అన్నది అక్కడి కోర్టులు తేల్చలేదని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 2017 సెప్టెంబరు 5న 11-6 మెజారిటీతో తప్పుపట్టింది.

అంతకు పన్నెండు రోజుల ముందే మన సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. కానీ 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఏడో సెక్షన్ ఉద్యోగ అవసరాలకు, సంస్థను నష్టం నుంచి కాపాడుకోవడానికి డేటాను సమ్మతి లేకుండానే వాడుకోనిచ్చింది. నోటీసు ఇవ్వాలన్న నిబంధనేమో సమ్మతి అడిగే సందర్భానికే ముడిపడి ఉంది. సమ్మతితో పాటు సమాచారమూ పోయిందన్నమాట. అసలు లోపం ఇక్కడుంది. సమ్మతి అక్కర్లేకపోతే చెప్పడం మరింత అవసరం కావాలి కదా!

దర్యాప్తు సాగుతుండగా చెబితే ఆధారాలు మాయమవుతాయన్న మాట నిజమే. అలాంటప్పుడు ఎవరు అనుమతించారో, ఎన్నాళ్లకో రాసిపెట్టి, పని పూర్తయ్యాక చెప్పవచ్చు.

బయటి నుంచి రాసేవారి సంగతి ఎవరికీ పట్టదు. మానేసి వెళ్లిపోయిన ఉద్యోగి పేరు మీద వచ్చే ఉత్తరాలను ఇంకెవరో చదువుతుంటారు, రాసినవారికి ఆ సంగతే తెలియదు. ఇప్పుడు ఈ మెయిల్ ఎవరు చూస్తున్నారో చెప్పే ఆటోమేటిక్ జవాబు పెట్టడం కొద్ది నిమిషాల పని.