స్టార్లు కాదు, గవాహీ కావాలె

మొన్న జుమ్మా రోజు జగిత్యాల నుంచి ఆపా ఫోన్ చేసింది. దుబాయ్‌లో ఉన్న దుల్హే భాయ్ పైసలు పంపిండట. పాత డబ్బా టీవీ తీసేసి 55 అంగుళాల స్మార్ట్ టీవీ పెట్టాలని పిల్లలు జిద్దు చేస్తున్నరట. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాల కంటే పెద్ద టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది కాబట్టి ఇదే మౌఖా అని ఎవరో చెప్పిన్రట. ఫోన్ పెట్టేసినంక ఒక లింకు వచ్చింది. కింద రాసింది: “4.3 స్టార్ హై భాయ్, లేలూఁ క్యా? తుమ్ అఖ్బార్ మే కామ్ కర్తే, తుమ్కో మాలూమ్ రహ్తా.”

ఆ ఆఖరి మాట దగ్గర ఆగిపోయిన. అఖ్బార్లో పనిచేసేటోనికి నిజం తెలిసి ఉంటదని నమ్మే మనుషులు ఇంకా ఉన్నరు. ఆ భరోసాను ఒకసారి పోగొట్టుకున్నోణ్ణి. ఆ ముచ్చట తర్వాత చెప్త. ఈసారి మాత్రం జవాబు ఇచ్చే ముందు రెండు రాత్రులు కూర్చుని ఆ టీవీ కింద ఉన్న రివ్యూలు చదివిన.

చదివితే ఏం తెలిసింది? చాలా మటుకు అవి టీవీ గురించి కానే కావు. “డెలివరీ ఫాస్ట్”, “ప్యాకింగ్ సూపర్”, “పిక్చర్ క్వాలిటీ అద్భుతం, ఇయ్యాలనే ఫిట్ చేసిన్రు.” పెళ్లి దావత్‌లో బిర్యానీ తిని పిల్లగాడు మంచోడని చెప్పినట్టు. టీవీ మంచిదా చెడ్డదా అనేది మొదటి రోజు తెల్వదు, మూడో వానాకాలంలో తెలుస్తది. మరికొన్నింట్లో ఒకటే మాట నాలుగు పేర్లతో ఉన్నది. ఇంకొన్ని 32 అంగుళాల మోడల్ మీద రాసినవి, తెచ్చి 55 అంగుళాల కింద కలిపేసిన్రు. ఐదు స్టార్లు ఇచ్చి ఫొటో పంపితే పైసలు వాపస్ ఇస్తమని డబ్బాలో చీటీ వచ్చిందని ఒకాయన కోపంగా రాసిండు. ఆయన ఇచ్చింది ఒకటే స్టారు. నాకు ఆ రాత్రి ఇమాన్దారీగా కనిపించిన రివ్యూ అదే.

యూట్యూబ్ భాయీలు సరే మరి? కొందరు బాగా కష్టపడతరు, కాదనను. మగర్ చూసే టీవీ కంపెనీ పంపింది, కింద పెట్టిన లింకుతో మనం కొంటే కమీషన్ ఆయనకు. నెల తిరిగేసరికి ఇంకో మోడల్ వస్తది, పాతది ఏమైందో ఎవరూ చెప్పరు.

దుకాణానికి పోయి కళ్లతో చూస్తే అయిపోదా అంటరు. కరీంనగర్ టవర్ సర్కిల్ చుట్టుపక్కల ఏ షోరూమ్‌కైనా పోండి. వరుసగా గోడ మీద టీవీలు, అన్నింట్లో అదే సముద్రం, అదే చిలుకలు, అదే తేనె చుక్క. ఆ వీడియో టీవీని అమ్మేటందుకే తీసింది. పైగా సెట్టింగ్‌లలో షాప్ మోడ్ అని ఒకటి ఉంటది, వెలుగును, రంగులను ఆఖరి హద్దు దాకా పెంచి పెడుతది. ఇంటికి తెచ్చి కేబుల్ పెడితే ఆ చిలుకలు ఎగిరిపోతయి.

అబద్ధపు రివ్యూలే మన మసలా అని నేనూ చాన్నాళ్లు అనుకున్న. నిజం చెప్పే రివ్యూ కూడా మనిషిని ముంచుతదని మా మామూ ప్లాస్మా టీవీ నేర్పింది.

2010లో మామూ దుబాయ్ నుంచి వస్తూ 42 అంగుళాల ప్లాస్మా తెచ్చిండు. అప్పట్లో మన కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్ జిల్లాల గల్ఫ్ ఇండ్లల్లో అదొక రివాజ్. ఎయిర్‌పోర్టులో కన్వేయర్ బెల్టు మీద సూట్‌కేసుల కంటే టీవీ డబ్బాలే ఎక్కువ తిరిగేవి. 2013 ఆగస్టు 26 నుంచి ఫ్లాట్ టీవీలకు బ్యాగేజీలో ఉన్న డ్యూటీ మాఫీ తీసేసిన్రు, దానితో ఆ సందడి తగ్గింది.

మామూ ఊరికే కొనలేదు. అక్కడ ఇంగ్లిష్ చదివే దోస్తును పట్టుకుని రివ్యూలు చదివించుకున్నడు. అన్నీ ప్లాస్మానే మెచ్చుకున్నయి. ఒక్కటీ జూఠ్ కాదు. నలుపు నల్లగా కనిపించడంలో, ఉరికే బంతి చెదరకుండా కనిపించడంలో ఆనాటి ఎల్‌సీడీలు ప్లాస్మా ముందర దిగదుడుపే. మగర్ ఆ రివ్యూలు రాసినోళ్లు చీకటి గదిలో కూర్చుని సినిమా చూసిన్రు. మా మామూ ఇంట్లో హాలుకు ఎదురుగా వాకిలి, పొద్దంతా తెరిచే ఉంటది. అద్దంలా మెరిసే ఆ తెర మీద సగం బొమ్మ, సగం గల్లీ కనిపించేది. కరెంటు బిల్లు అదే సైజు ఎల్‌ఈడీకి వచ్చేదానికి రెట్టింపు దగ్గర దాకా పోయింది.

ఇంకొకటి విన్రి. 2011 సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలైంది. 42 రోజులు. మామూ పొద్దున ఫజర్ నుంచి రాత్రి దాకా ఒకటే న్యూస్ ఛానల్ పెట్టి కూర్చునేది. సమ్మె ముగిసింది గానీ ఆ ఛానల్ గుర్తు, కింద స్క్రోలింగ్ పట్టీ తెర మీది నుంచి పోలేదు. ప్లాస్మాలో కదలకుండా ఉండే బొమ్మ ఎక్కువ సేపు నిలిస్తే అక్కడి ఫాస్ఫర్ అరిగిపోయి మచ్చ పడుతది. ఆ తర్వాత సీరియల్ పెట్టినా, క్రికెట్ పెట్టినా మూలకు ఆ ఛానల్ నీడ ఉండేది. తెలంగాణ వచ్చినా మా టీవీలో ఉద్యమం ఆగలేదని పిల్లలు నవ్వేటోళ్లు.

ఆఖరుకు లోపల ఒక బోర్డు పోయింది. వారంటీ దుబాయ్‌ది, ఇక్కడ చెల్లదన్నరు. సామాను దొరుకుతదా అంటే అప్పటికి ప్లాస్మా దుకాణమే బంద్ అయింది. పానసోనిక్ 2013 చివర్లో తయారీ ఆపేసింది, శాంసంగ్, ఎల్‌జీ 2014 నవంబర్‌తో ముగించినయి. రెండేళ్ల కమాయి పెట్టి తెచ్చిన టీవీ అమ్మీ బట్టలు మడతపెట్టే బల్ల పక్కన నాలుగేళ్లు నిలబడింది. రివ్యూలు సచ్చాయే చెప్పినయి. చెప్పినోని ఇల్లు వేరు, మన ఇల్లు వేరు.

ఇప్పుడు నా ముచ్చట. ఒక అఖ్బార్‌కు కంట్రిబ్యూటర్‌గా ఉన్న రోజులు. వార్తలకు లైన్ అకౌంట్ పైసలు, దాని కంటే పెద్దది యాడ్ టార్గెట్. ఒక ఎలక్ట్రానిక్స్ షోరూమ్ ఓపెనింగ్ అయింది. యాడ్ ఇచ్చిన్రు, దానితో పాటు వార్త కూడా అడిగిన్రు. నేను రాసిన: జిల్లాలోనే నంబర్ వన్, నమ్మకానికి మారుపేరు, నాణ్యమైన టీవీలు, అమ్మకం తర్వాత సర్వీసు. అందులో ఒక్క ముక్క నేను సరిచూసింది కాదు. మా గల్లీలో బీడీలు చేసే ఒక ఖాలా ఆ కాగితం చూసి, బేటా రాసిండు కదా అని కిస్తుల మీద టీవీ కొన్నది. మొదటి వానాకాలంలోనే తెర మీద గీతలు వచ్చినయి. దుకాణపోళ్లు కంపెనీకి ఫోన్ చేయమన్నరు, కంపెనీ దుకాణం మీదకు తోసింది. కిస్తులు మాత్రం ఆగలేదు. ఖాలా నన్ను తిట్టలేదు. “తుమీచ్ తో లిఖే థే నా బేటా” అన్నది, అంతే. తిడితే ఎప్పుడో మరిచిపోయేటోణ్ణి.

కాబట్టి పైసలు తీసుకుని ఐదు స్టార్లు వేసే పోరగాళ్ల మీద రాయి విసిరే ముందు నా చేతులు చూసుకోవాలె. వాళ్లకు ఒక రివ్యూకు కొన్ని రూపాయలు, నాకు యాడ్ కమీషన్. పేరు వేరు, ధంధా ఒకటే.

నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. బడిలో మౌల్వీ సాబ్ ఒక మాట ఒప్పుకునే ముందు ఆ మాట తెచ్చినోని హాల్ అడిగేది: వీడు ఎవరు, తాను విన్నడా, ఎవరి నుంచి విన్నడు, యాద్ ఎట్లాంటిది. తర్వాత డిగ్రీలో తెలుగు చదివితే సుమతీ శతకకారుడూ ఆ తోవలోనే కనిపించిండు, చెవి అందరికీ ఇయ్యి గానీ ఫైసలా అడగకుండా ఇయ్యకు అనే తీరు. ఈ రెండు బడుల సబఖ్‌నే టీవీ రివ్యూకు పెట్టి చూసిన. మూడు సవాళ్లు మిగిలినయి. చెప్పినోనికి ఇందులో నఫా ఉన్నదా? వాడిన ఎన్ని నెలలకు చెప్పిండు? ఆయన ఇల్లు, ఆయన కరెంటు, ఆయన ఊరు మన లెక్కనే ఉన్నయా?

ఈ మూడింటికీ సరిగ్గా జవాబు ఇచ్చేటోడు నాకు ఒకడే దొరికిండు. టీవీ మెకానిక్. ఆదిలాబాద్‌లో ఒక సందులో చిన్న దుకాణం, చుట్టూ విప్పిన టీవీలు. ఆయన కొత్త టీవీ అమ్మడు కాబట్టి నఫా లేదు. ఏ టీవీ ఎన్నేళ్లకు వచ్చిందో ఆయన కళ్ల ముందరే ఉన్నది. ఆయన చెప్పింది ఏ వెబ్‌సైట్లో చదవలేదు. ఎల్‌ఈడీలో ఎక్కువగా పోయేది తెర వెనుక ఉండే బ్యాక్‌లైట్ పట్టీలు, పవర్ బోర్డు. అవి బాగైతయి. ప్యానెల్ పగిలితే మాత్రం కొత్త టీవీకి దగ్గర దగ్గర ఖర్చు. ఊర్లల్ల ఉరుములు, వోల్టేజీ ఎగుడుదిగుడులు టీవీని తినేస్తయి కాబట్టి మంచి స్టెబిలైజర్, వానాకాలంలో ప్లగ్ పీకే అలవాటు రెండూ కావాలె. “స్టార్లు ఎన్ని అని కాదు సాబ్, బోర్డు దొరుకుతదా, సర్వీసోడు మా ఊరికి వస్తడా అని అడగమనున్రి” అన్నడు.

బయటి దేశాల్లో ఈ పని సంస్థలు చేస్తయి. అమెరికాలో 1936 నుంచి కన్స్యూమర్ రిపోర్ట్స్ ఉన్నది. వస్తువు తన పైసలతో దుకాణంలో కొని పరీక్షిస్తది, పత్రికలో కంపెనీల యాడ్ వేయదు. జర్మనీలో 1964 నుంచి స్టిఫ్టుంగ్ వారెన్‌టెస్ట్ ఉన్నది. మన దేశంలో అహ్మదాబాద్ సీఈఆర్‌సీ, ఢిల్లీ వాయిస్ ఈ తోవలో పనిచేసినయి. తెలుగులో, ఉర్దూలో మన ఇండ్లకు చేరే అట్లాంటి పత్రిక నేనైతే చూడలేదు.

కానూన్ లేదా అంటే ఉన్నది, సగం. 2022 నవంబర్‌లో కేంద్రం ఐఎస్ 19000:2022 అనే ప్రమాణం తెచ్చింది. రాసినోడు అసలు మనిషేనా సరిచూడాలె, కొన్న రివ్యూలు వేయొద్దు అని అందులో ఉన్నది. మగర్ అది స్వచ్ఛందం. పాటిస్తే పాటించు, లేకుంటే ఖైర్. 2024లో తప్పనిసరి చేయాలనే ప్రతిపాదన వచ్చింది. అమెరికా అదే ఏడు అక్టోబర్ నుంచి దొంగ రివ్యూలు కొన్నా అమ్మినా జుర్మానా వేసే నియమం అమలులో పెట్టింది. ఆ ప్రమాణానికి ఇక్కడా పండ్లు రావాలె. 2023 జనవరి మార్గదర్శకాల ప్రకారం ఇన్‌ఫ్లుయెన్సర్ తనకు కంపెనీతో ఉన్న రిష్తా చెప్పాలె, అదీ వీడియో ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే. తెలుగులో గంటసేపు పొగిడి, మూలకు ఇంగ్లిష్‌లో చీమంత అక్షరం పెట్టేటోళ్లకు ఇది వినిపించాలె. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జుర్మానా ఉన్నది.

మోసపోయినోళ్లు యాద్ పెట్టుకోవలసినవి రెండు. 1915కు ఫోన్ చేయొచ్చు. 2019 కానూన్ ప్రకారం మనం ఉన్న జిల్లా కన్స్యూమర్ కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు సామానుకు ఫీజు లేదు. ఇవి ఆనాడు నేను ఖాలాకు చెప్పగలిగేటట్టు ఉంటే ఎంత బాగుండు.

ఆపాకు జవాబు రాసిన. ఐదు స్టార్లు వదిలెయ్, రెండు, మూడు స్టార్లవి చదువు. ఏడాది దాటినంక రాసినవి వెతుకు. జగిత్యాలలో ఆ కంపెనీ సర్వీసు ఎవరు చూస్తరో పేరు, నంబర్ అడుగు. గల్లీలో రెండేళ్ల నుంచి అదే టీవీ ఉన్న ఇంటికి పోయి చాయ్ తాగు. దుకాణంలో షాప్ మోడ్ తీయించి, మన రోజూ చూసే ఛానల్ పెట్టించు. బిల్లు తీసుకో.

ఆపా 55 వదిలి 43 అంగుళాలది కొన్నది, మెకానిక్ బాగు చేయగలనన్న కంపెనీది. నేను ఒక మాట ఇచ్చిన: ఏడాది గడిచినంక ఆ టీవీ గురించి తెలుగులో ఒక రివ్యూ రాస్త, ఊరు పేరుతో, ఎన్నిసార్లు ఆగిందో లెక్కతో. మీ ఇండ్లల్ల ఉన్న టీవీల మీద మీరూ రాయున్రి. ఎక్కడో ఒక ఆపా అది చదివే ఫైసలా చేస్తది. నేను ఖాలాకు బాకీ ఉన్న గవాహీ అదే, పదిహేనేళ్లు లేటు.