పికప్ వీపు మీద పడే బరువెంత?

లక్ష్మీనగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగి వికాస్ మార్గ్ పక్కన కాసేపు నిలబడితే చాలు, తూర్పు దిల్లీ సరుకు ఎలా కదులుతుందో తెలిసిపోతుంది. ప్లైవుడ్ షీట్లు, నీళ్ల ట్యాంకులు, జిరాక్స్ కాగితాల పెట్టెలు, సీఏ పరీక్షలు రాసి గది ఖాళీ చేసే కుర్రాళ్ల మంచాలు, కూలర్లు, పుస్తకాల మూటలు అన్నీ ఎక్కేది చిన్న పికప్‌ల మీదే. వాటిలో కొన్ని వెనక చక్రాల మీద చతికిలబడి, ముక్కు పైకెత్తి నడుస్తుంటాయి. స్టీరింగు తిప్పాల్సిన ముందు చక్రాలు నేలను సరిగా ఒత్తకపోతే ఏమవుతుందో తోలేవాడికి తెలియక కాదు. కిరాయి అలా మాట్లాడుకున్నాడు, అంతే.

పికప్ కొనడానికి షోరూముకు వెళ్లిన మనిషి మొదట అడిగే మాట ‘‘ఎంత లాగుతుంది?’’ అని. అమ్మేవాడు హార్స్‌పవరూ టార్కూ చెబుతాడు. బేరం అక్కడే సగం తెగిపోతుంది. ఆ మాటకన్నా ముందు అడగాల్సినవి రెండున్నాయి: ఈ బండి వీపు మీద ఎంత బరువు పెట్టొచ్చు, ఆ బరువుతో ఎంత దూరంలో ఆగుతుంది? ఈ రెంటికీ కాగితం మీద అంకెల్లో జవాబు ఇవ్వకుండా ఏ కంపెనీ పికప్ అమ్మకూడదు. ఆ జవాబు తెలుసుకోకుండా ఎవరూ కొనకూడదు.

లాగడం వేరు, మోయడం వేరు. ఈ తేడా అమెరికాలోని ఫిఫ్త్ వీల్ ట్రైలర్‌ను చూస్తే బాగా అర్థమవుతుంది. పడకగది, వంటగది, స్నానాలగది అమర్చిన ట్రైలర్‌ను పికప్‌కు తగిలించుకుని సెలవుల్లో వందల మైళ్లు తిరగడం అక్కడివాళ్లకు అలవాటు. మామూలు ట్రైలర్‌ను బండి వెనక, బంపరు కింద ఉన్న కొక్కేనికి తగిలిస్తారు. ఫిఫ్త్ వీల్ రకం అలా కాదు. దాని ముందు భాగం మెడలా పైకి లేచి పికప్ తొట్టిలోకి వస్తుంది. కింద ఉన్న ఇనుప పిన్ను తొట్టిలో బిగించిన పళ్లెంలో పడి లాక్ అవుతుంది. ఆ పళ్లెం దాదాపుగా వెనక ఇరుసుకు పైనే ఉంటుంది కాబట్టి ట్రైలర్ తోక ఊపినట్టు ఊగడం తక్కువ. పెద్ద ట్రైలర్లు కొనేవాళ్లు ఈ రకాన్ని కోరుకునేది అందుకే.

ఈ పద్ధతికి వందేళ్లు దాటాయి. 1914లో డెట్రాయిట్‌లో ఆగస్ట్ ఫ్రూహాఫ్ అనే కమ్మరి దగ్గరికి ఓ కలప వ్యాపారి వచ్చాడు. తన పడవను ఫోర్డ్ మోడల్ టి బండితో లాగించుకోవడానికి ఓ ట్రైలర్ చేసిపెట్టమన్నాడు. అది బాగా కుదరడంతో కలప దుంగలు తోలడానికి అలాంటివే మరికొన్ని చేయించుకున్నాడు. సరదా కోసం పుట్టిన బండి అలా సరుకు బండయింది. ఫ్రూహాఫ్ పేరు ఆ తర్వాత అమెరికా ట్రైలర్ పరిశ్రమలోనే పెద్ద పేరయింది.

ఇక లెక్కలోకి వద్దాం, అసలు విషయం ఇక్కడే ఉంది. కొక్కేనికి తగిలించే ట్రైలర్ తన మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం బండి మీద మోపుతుంది. ఫిఫ్త్ వీల్ మోపేది 15 నుంచి 25 శాతం. ట్రైలర్ సామానుతో కలిపి 5,400 కిలోలు ఉందనుకుందాం. అందులో 20 శాతం అంటే 1,080 కిలోలు నేరుగా పికప్ వీపు మీద పడుతుంది. తొట్టిలో బిగించిన పళ్లెం, దాని చట్రం బరువు ఓ 80 కిలోలు. లోపల కూర్చున్న నలుగురూ వాళ్ల చేతి సంచులూ కలిసి మరో 280. మొత్తం 1,440 కిలోలు. ఫోర్డ్ ఎఫ్-150 తరగతి పికప్‌లు, తగిన ఇంజనూ గేర్లూ ఎంచుకుంటే 5 టన్నులకు పైగా లాగుతాయని కంపెనీలే చెబుతాయి, అందులో అబద్ధం లేదు. కానీ ఆ తరగతిలో చాలా బండ్లు వీపున మోయగలిగేది 700 నుంచి 900 కిలోలే. ఇంజను ‘‘లాగుతాను’’ అంటుంటే వెనక ఇరుసూ టైర్లూ కమాన్ కట్టలూ ఎప్పుడో చేతులెత్తేసి ఉంటాయి. ఈ ట్రైలర్‌కు కావలసింది ఎఫ్-350 లాంటి పై తరగతి బండి.

మోయగల బరువును అమెరికాలో డ్రైవరు తలుపు చట్రం మీదే అంటిస్తారు. మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించకూడదని ఆ చీటీ మీద అంకె ఉంటుంది. అదే మోడల్‌లో సన్‌రూఫ్, తోలు సీట్లు పెట్టిన బండికి ఆ అంకె తగ్గుతుంది, ఎందుకంటే ఆ హంగుల బరువు కూడా బండే మోయాలి. ఫ్రిస్కోలోనో ఫ్రీమాంట్‌లోనో ఇలాంటి బండి కొనాలనుకునే తెలుగు కుటుంబం కరపత్రం పక్కన పెట్టి ముందు ఆ చీటీ చదవాలి. లైసెన్సు సంగతీ చూసుకోవాలి. కాలిఫోర్నియాలో 15,000 పౌండ్లు, అంటే 6,800 కిలోలు దాటే ఫిఫ్త్ వీల్ ట్రైలర్‌ను లాగాలంటే మామూలు కారు లైసెన్సు చాలదు.

మన దేశంలో ఇలాంటి బండి లేదా? రోజూ కళ్లముందే పోతోంది. తుగ్లకాబాద్, దాద్రీ కంటైనర్ డిపోలకు వచ్చిపోయే పొడవాటి లారీలన్నీ ఈ పళ్లెం, పిన్ను పద్ధతి మీద నడిచేవే. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ట్రైలర్‌ను, సెమీ ట్రైలర్‌ను వేరువేరుగా నిర్వచించింది. తన బరువులో కొంత భాగాన్ని లాగే బండి మీద మోపేది సెమీ ట్రైలర్ అని చట్టమే చెబుతోంది. 2018 జులైలో కేంద్రం ఇరుసు బరువుల పరిమితులు పెంచినప్పుడు ఇలాంటి లారీల గరిష్ఠ బరువు 49 టన్నుల నుంచి 55 టన్నులకు చేరింది. పెద్ద లారీకి ఇంత వివరంగా నియమాలు రాసుకున్న దేశంలో, పికప్ వెనక ఏం తగిలించవచ్చో కొనేవాడికి షోరూములో చెప్పే నాథుడు కనబడడు.

ఇక్కడ దొరికే పికప్‌లను చూద్దాం. ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ తయారయ్యేది మన శ్రీసిటీలోనే. 2016లో అక్కడ ఫ్యాక్టరీ మొదలైంది. టయోటా హైలక్స్ 2022లో వచ్చింది. ఆస్ట్రేలియాలో డీజిల్ హైలక్స్ 4×4, బ్రేకులున్న ట్రైలర్ అయితే 3,500 కిలోలు లాగవచ్చని కంపెనీయే చెబుతుంది. ఆ అంకెను ఇంటర్నెట్‌లో చూసి ఇక్కడి బండికి అంటగట్టడం ప్రమాదం. లాగే పరిమితిని ఇంజను ఒక్కటే తేల్చదు. చట్రం, స్ప్రింగులు, ఇంజను చల్లబడే ఏర్పాటు, కొక్కెం, ఆ దేశపు చట్టం అన్నీ కలిసి తేలుస్తాయి. పైగా డబుల్ క్యాబ్ పికప్ తొట్టి పొడవు మీటరున్నర చుట్టూ ఉంటుంది. అందులో ఫిఫ్త్ వీల్ పళ్లెం బిగిస్తే మలుపు తిరిగేటప్పుడు ట్రైలర్ మెడ వచ్చి క్యాబిన్ అద్దాన్ని కొడుతుంది. వర్క్‌షాపులో వెల్డింగు చేయించుకుని ప్రయోగాలు చేసే పని కాదిది.

లక్ష్మీనగర్‌లో ఉండేవాళ్లకు మరో రెండు లెక్కలున్నాయి. హైలక్స్ పొడవు 5.3 మీటర్లు. షకర్‌పూర్ వైపు సందుల్లో రెండు స్కూటర్లు ఎదురుపడితేనే ఒకటి ఆగాలి. ఈ బండిని రాత్రి ఎక్కడ పెడతారో తేల్చుకున్నాకే అడ్వాన్సు కట్టాలి. రెండోది వయసు. వీ-క్రాస్, హైలక్స్ రెండూ డీజిల్ బండ్లుగానే అమ్ముడయ్యాయి. దిల్లీలో 10 ఏళ్లు దాటిన డీజిల్ వాహనాలు నడపకూడదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015లో ఆదేశించింది, సుప్రీంకోర్టు 2018లో దాన్ని సమర్థించింది. ఆ తర్వాత సడలింపుల మీద కోర్టులో వాదాలు జరుగుతూనే వచ్చాయి. 15 ఏళ్లు నడుస్తుందని లెక్కవేసి అప్పు చేయడం ఈ ఊళ్లో తెలివైన పని కాదు.

అసలు దిగులు ఈ ఖరీదైన బండ్ల గురించి కాదు. 2005లో టాటా ఏస్ వచ్చింది. 750 కిలోలు మోసే ఆ బుల్లి బండిని ఉత్తరాదిలో ముద్దుగా ఛోటా హాథీ అన్నారు. లక్షల కుటుంబాలు దాని మీద బతికాయి. తర్వాత బొలెరో పికప్‌లో 1.3 టన్నులు, 1.7 టన్నులు మోసే రకాలు వచ్చాయి. ముప్పావు టన్ను బండికి టన్నున్నర ఎక్కించి, కుంగిపోతోందని కమాన్ కట్టకు మరో రెండు పట్టీలు వేయించడం దేశమంతా ఉన్న జబ్బే. పట్టీలు వేస్తే బండి కుంగడం ఆగుతుంది, కంటికి నిండుగా కనిపిస్తుంది. బ్రేకు డ్రమ్ము మారదు, ఇరుసు లావెక్కదు, టైరు బలం పెరగదు. టైరు పక్కన కొలతల చివర 110 అని ఉంటే ఆ టైరు మోసేది 1,060 కిలోలే. ఎన్ని పట్టీలు వేసినా ఆ అంకె మారదు.

బరువు మాటలతో లొంగదని ఈ పేటకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2010 నవంబరు 15న లక్ష్మీనగర్‌లోని లలితా పార్కులో ఓ భవనం కూలి 65 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది అద్దె గదుల్లో ఉండే వలస కూలీల కుటుంబాలవాళ్లే. అనుమతికి మించి అంతస్తులు లేపారని, యమున పొంగాక నేలమాళిగలో నీళ్లు నిలిచి పునాది నానిందని అప్పుడు బయటపడింది. మోయగలిగింది ఎంతో ఎవరూ లెక్కవేయలేదు, వేసినవాళ్లుంటే వినలేదు.

తెలుగు పల్లెల్లో ఈ నిర్లక్ష్యం ట్రాక్టరు వెనక నడుస్తోంది. 2018 ఏప్రిల్ 6న నల్గొండ జిల్లా వద్దిపట్ల దగ్గర కూలీలతో వెళ్తున్న ట్రాక్టర్ కాలువలో పడి 9 మంది మహిళలు చనిపోయారు. మూడు నెలలు తిరక్కముందే, జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర మరో ట్రాక్టర్ మూసీ కాలువలో పడింది. 15 మంది పోయారు, దాదాపు అందరూ పొలం పనికి బయల్దేరిన ఆడవాళ్లే. ఒక్క తెలుగు నేల మీదే కాదు, 2022 అక్టోబరు 1న కాన్పూర్ దగ్గర ఘాటంపూర్‌లో ట్రాక్టర్ ట్రాలీ చెరువులో బోల్తాపడి 26 మంది చనిపోయారు. డ్రైవరు తప్పు, మలుపు తప్పు, రోడ్డు తప్పు అని ఒక్కో కేసులో ఒక్కోటి రాసుకోవచ్చు. సరుకు కోసం చేసిన ట్రక్కులో మనుషుల్ని ఎక్కించడం మాత్రం మూడు చోట్లా జరిగింది. పైగా మన ట్రాక్టర్ల వెనక తిరిగే చాలా ట్రక్కులకు సొంత బ్రేకులుండవు. ముందున్న ఇంజనే రెంటినీ ఆపాలి. వాలులో బ్రేకు తొక్కితే వెనకున్న బరువు ముందున్నదాన్ని పక్కకు నెట్టేస్తుంది. అమెరికాలో చాలా రాష్ట్రాలు 3,000 పౌండ్లు, అంటే సుమారు 1,360 కిలోలు దాటిన ట్రైలర్‌కు విడిగా బ్రేకులుండాలని నియమం పెట్టాయి. కొక్కెం ఊడిపోతే ట్రైలర్ తనంతట తానే ఆగే స్విచ్ కూడా అక్కడ మామూలే. ఈ రెండూ మన పల్లె ట్రక్కుకు ఎందుకు ఉండకూడదు?

జరిమానాలు లేక కాదు. 2019 సెప్టెంబరు నుంచి అధిక లోడుకు 20,000 రూపాయలు, ఆపైన ప్రతి టన్నుకు 2,000 చట్టంలో ఉన్నాయి. 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 7,500 కిలోల లోపు రవాణా బండిని తేలికపాటి వాహనాల లైసెన్సుతో నడపవచ్చని తేల్చింది. బండి తోలి బతికేవాళ్లకు అది న్యాయమైన తీర్పు. ఇప్పుడు లైసెన్సు పరీక్షలో లోడు పాఠం చేరాలి. కారు తోలడం నేర్చిన కుర్రాడు మర్నాడు ఏడు టన్నుల బండి ఎక్కవచ్చంటే, బరువు ముందుకు పెడితే ఏమవుతుందో, వెనక్కి పెడితే ఏమవుతుందో అతనికి ఎవరో ఒకరు నేర్పాలి కదా. పికప్ తలుపు మీద మోయగల బరువు అంకెను హిందీలో, ఇంగ్లిష్‌లో, ఆ రాష్ట్ర భాషలో అంటించడాన్ని కేంద్ర రవాణా శాఖ తప్పనిసరి చేయాలి. దానికి అయ్యే ఖర్చు ఓ స్టిక్కరు ఖర్చే. గాజీపూర్ మండీ లాంటి చోట్ల చిన్న బండ్లకు ఉచితంగా తూకం వేసిపెట్టాలి. చలానా రాయడానికి పిలిచే కాటా దగ్గరికి ఎవరూ ఇష్టపడి రారు.

ఆ రోజు వచ్చేదాకా కొనేవాళ్ల చేతిలో ఉన్న పని ఇది. ఆర్‌సీలో లోడుతో బరువు, ఖాళీ బరువు రెండూ రాసి ఉంటాయి. రెండో అంకెను మొదటి దాంట్లోంచి తీసేస్తే మోయగలిగింది వస్తుంది. అందులోంచి ఎక్కే మనుషుల బరువు, బిగించిన క్యారియరు, కొక్కెం బరువు తీసేయాలి. మిగిలిందే సరుకుకు. తర్వాత రోజూ వేసే లోడుతో ఓసారి బండ్లు తూచే ధరమ్ కాంటాకు వెళ్లి మొత్తం బండిని తూచాలి, ఆపైన ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి మరోసారి తూచాలి. ఖాళీగా ఉన్నప్పటికన్నా ముందు చక్రాల మీద బరువు బాగా తగ్గి కనిపిస్తే, మొత్తం తూకం పరిమితిలోనే ఉన్నా సరే, సరుకు దించి ముందుకు సర్దుకున్నాకే వికాస్ మార్గ్ ఎక్కాలి.